దేవాంగపిల్లి పెట్టని దండం

1981. తిరుత్తణి పశువుల ఆసుపత్రిలో నేను డాక్టరుగా పనిచేస్తున్న రోజులు. మా ఇల్లు తిరువళ్ళూరులో. రోజూ రైల్లో వచ్చిపోయేవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవి ఆవులు, గేదెలు, మేకలు. అడవి ప్రాణి రావడం ఎప్పుడో గాని జరగదు. వచ్చిందంటే మాత్రం దాని వెనకే సగం ఊరు వచ్చేది, చూడ్డానికి.

ఆ వేసవిలో ఒక ఉదయం మునిరత్నం అనే నేతపనివాడు అత్తిమంజేరిపేట బస్సు దిగి, తువ్వాలులో ఏదో చుట్టుకొని వచ్చాడు. విప్పితే దేవాంగపిల్లి. పేరుకే పిల్లి, నిజానికి కోతికి దూరపు చుట్టం. పిడికెడు ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళూ చేతులూ, ముఖమంతా కళ్ళే. పగలు ఆకుల్లో ముడుచుకొని పడుకుంటుంది, చీకటి పడ్డాక పురుగుల వేటకు బయల్దేరుతుంది. అరవంలో దీన్ని తేవాంగు అంటారు. బక్కపిల్లల్ని ఆ మాటతోనే వెక్కిరిస్తారు.

"కుక్క నోట్లో పడింటే విడిపించినాను సార్. దాని పేరూ మా కులం పేరూ ఒగటే గదా, యాడో చుట్టరికం ఉంటాది. వదిలేసి పోయేదానికి మనసు రాలా" అన్నాడు మునిరత్నం.

ఎడమ ముంజేతి ఎముక విరిగింది. అలాంటప్పుడు స్ప్లింట్ వేస్తాం, అంటే ఎముక కదలకుండా పక్కన బద్ద పెట్టి కట్టడం. మా దగ్గరున్న బద్దలు దాని ఒంటి కంటే పెద్దవి. ఊదువత్తి పుల్లలు విరిచి, దూది చుట్టి కట్టాను. అటవీశాఖ వాళ్ళకు కబురు పెడితే, నయమయ్యాక దొరికిన చోటే వదలమన్నారు.

"బతుకుతాదా సార్?"

"ఎముక అతుక్కుంటుంది. బెదరకుండా ఉంటే బతుకుతుంది."

అడవి ప్రాణుల్ని దెబ్బ కంటే ఎక్కువగా షాక్ చంపుతుంది. కరెంటు షాక్ కాదు. భయానికీ నొప్పికీ రక్తప్రసరణ కుంగిపోయి ఒళ్ళు చల్లబడిపోవడం. అందుకే మందుల గది మూల బుట్టలో పెట్టి, గోనెపట్టా కప్పి, ఎవరినీ రానివ్వొద్దని అటెండరు కన్నప్పకు గట్టిగా చెప్పాను. రెండు రోజుల్లో అది మునిరత్నం తెచ్చిచ్చిన మిడతల్ని కుడిచేత్తో అందుకొని తినసాగింది. ఇక గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు దిగాడు ఎతిరాజులు. బజారులో ఫోటో స్టూడియో, వారపత్రికలకు ఫోటోలు పంపడం అతని పని.

"ఒకే ఒక ఫోటో సార్. ఆస్పత్రికి పేరు, మీకు పేరు."

"దాని కళ్ళు చీకటికి పుట్టిన కళ్ళు. నీ ఫ్లాష్ వెలుతురును అవి తట్టుకోలేవు. ముందు నయం కానీ."

"నయమైనాక ఎవురు చూస్తారు సార్? కట్టుతో ఉంటేనే జనానికి పావం అనిపిస్తాది."

బయటికి పొమ్మన్నాను. మర్నాడు నేను పల్లెల్లో గాలికుంటు టీకాలు వేయడానికి వెళ్ళిన సమయం చూసుకొని మళ్ళీ వచ్చాడట, ఊళ్ళో ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని. పెద్దమనిషి చెబితే పాపం కన్నప్ప ఏం చేస్తాడు? తలుపు తీశాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి బుట్ట కిటికీ దగ్గర ఉంది. కట్టు లేదు. విరిగిన చెయ్యి వాచిపోయి వేలాడుతోంది.

"కట్టు ఎవరు విప్పారు?"

కన్నప్ప తల దించుకున్నాడు. "మెరుపు కొట్టినప్పుడు అది మంచి చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకునింది సార్. సలాం కొట్టతా ఉండాదని అందరూ నవ్వినారు. రెండు చేతులూ లేస్తే దండం మాదిరి ఉంటాదని ఎతిరాజులు కట్టు విప్పించినాడు. వద్దు సామీ అన్నాను, వినలా. మళ్ళీ మళ్ళీ మెరిపించినాడు."

విరిగిన చేతిని ఎత్తించారు! అది కూడా నవ్వుతూ! నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ కట్టు కట్టాను, వెచ్చగా గుడ్డలు కప్పాను, చుక్క చుక్కగా గ్లూకోజు నీళ్ళు పట్టబోయాను. అది నోరు తెరవలేదు. ఆ రాత్రి నేను రైలెక్కలేదు. తెల్లారేసరికి చల్లబడిపోయింది.

స్టూడియోకే వెళ్ళి అడిగాను. "ఫోటో తీస్తే యాడైనా చస్తారా సార్?" అన్నాడు. నలుగురూ వింటుండగా నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. అతనికి చీమ కుట్టినట్టయినా లేదు.

తర్వాతి వారం పత్రికలో ఫోటో వచ్చింది. నల్లటి నేపథ్యం, రెండు చేతులూ ముఖం ముందు. కింద, ప్రాణం పోసిన డాక్టరుకు వణక్కం చెబుతోందని రాశారు. రైల్లో తెలిసినవాళ్ళు నా భుజం తట్టారు. మా పై అధికారి మెచ్చుకున్నాడు. చచ్చిపోయిందండీ అంటే అందరూ, "అయ్యో పావం! ఫోటో మాత్రం అద్భుతం" అన్నారు. ఆ 'మాత్రం' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మునిరత్నం ఆ సంగతేమీ తెలియకుండా వచ్చాడు. జేబులో అగ్గిపెట్టె నిండా మిడతలు. చేతిలో ఆ పత్రిక బొమ్మ, అద్దం వేయించి, కుంకుమ బొట్టు పెట్టి.

"మా వీధంతా చూసినారు సార్. నోరు లేని జీవం మీకు దండం పెట్టిందే!"

ఆ సంబరం చూసి అబద్ధం చెబుదామా అనిపించింది. చెప్పలేకపోయాను. కట్టు విప్పింది మొదలు అది చల్లబడిపోయేదాకా అంతా చెప్పాను. అతను అగ్గిపెట్టె తెరిచాడు. మిడతల్ని కిటికీలోంచి వదిలేశాడు. తర్వాత బొమ్మ మీది బొట్టును తువ్వాలుతో తుడిచాడు.

"అట్లయితే ఇది దండం కాదు సార్. చాలు, ఆపండయ్యా అని చెప్పుండాది" అన్నాడు. "ఇంట్లో పెట్టుకోలేను. ఈడనే తగిలించండి. ఫోటో తీసేదానికి వచ్చేవాళ్ళు చూసి పోనీ."

మందుల గది తలుపు పక్కనే తగిలించాను.

ఫోటోల మీద నాకు పగేమీ లేదు. ఎక్స్‌రే కూడా ఫోటోయే. వైద్యానికి కావలసిన ఫోటో అయితే నేనే తీయిస్తాను. చూసేవాళ్ళ సరదాకు కావలసిన ఫోటో అయితే, ఆ ప్రాణి లేచి, నచ్చకపోతే పారిపోగలిగేదాకా ఆగాల్సిందే. పారిపోలేని దాని ముందు కెమెరా పెట్టడం దౌర్జన్యం. పావం అనిపించడానికి తీశానన్నా అంతే. మునిరత్నం తెచ్చిన కేసు నాకు నేర్పింది ఇదే, ఆ తర్వాత ఎవరు సిఫారసు తెచ్చినా నేను మెత్తబడలేదు.

కొన్నాళ్ళకు కాలు తెగిన నక్క ఒకటి వచ్చింది. దాని వెనకే మెడలో కెమెరాతో ఒక కుర్ర విలేకరి. మందుల గది తలుపు దగ్గర ఆగి గోడ మీది బొమ్మను చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"అబ్బ, ఎంత బాగుంది సార్! దండం పెడతా ఉండాదే!"

"దండం కాదు నాయనా, ఆపమంటోంది" అని చెప్పి తలుపు మూసేశాను.