బాకిస్ మామ పెళ్లిచూపులు

ఓరునెలే ఊళ్లో బాకిస్ మామకి ఉన్నది ఒకటే జబ్బు. తన వైన్‌కి నచ్చని తిండిని ఎవరైనా తింటుంటే చూస్తూ ఊరుకోలేడు. తిండి మనిషికి నచ్చితే చాలదట, వైన్‌కి కూడా నచ్చాలట.

వైన్ మాత్రం వంక పెట్టలేనిది. తాత నాటిన కన్నొనావ్ ద్రాక్షతీగలు ఊరి పైనున్న కొండవాలు మీద మోకాలెత్తు మించి పెరగవు. వాటి ద్రాక్షతో తీసిన వైన్ గ్లాసులో పోస్తే అవతలి వేలు కనబడదు. ఒక గుక్క తాగితే పెదాలు ఎర్రబడతాయి, రెండో గుక్కకి చెవులు వేడెక్కుతాయి. "ఇది దాహానికి తాగేది కాదు, మాంసంతో కాపురం చేసేది" అనేవాడు మామ.

ఒకసారి ఉపవాసాల రోజుల్లో ఫాదర్ గారు పాపం వేయించిన చేప ముందు పెట్టుకుని గ్లాసు ఎత్తారు. మామ పక్క బల్ల దగ్గర్నుంచి లేచొచ్చి, ఆ గ్లాసుని చేతిలోంచి మర్యాదగా తీసేసుకున్నాడు.

"ఫాదర్, పాపాలు క్షమించడం మీ పని, కాదనను. ఈ పాపాన్ని మాత్రం నేను క్షమించలేను. ఈస్టర్ దాకా ఓపిక పట్టండి, గొర్రెపిల్లని కాలుస్తారు, అప్పుడు సీసా నేనే తెస్తాను."

డాక్టరు వైన్ మానెయ్యమన్నప్పుడు కూడా అంతే. "మానేస్తాను గానీ, మీరు రాత్రి దేంతో తాగుతారు?" అని అడిగాడు. డాక్టరు మొహమాటపడి, "పచ్చికూరలతో" అన్నాడు. ఆ మాటతో ఆయన వైద్యం మీద మామకి నమ్మకం పూర్తిగా పోయింది.

ఇవన్నీ ఊరు నవ్వుకుని సరిపెట్టుకునేది. సరిపెట్టుకోలేనిది ఒక్క బొనారియానే. పెద్దమ్మ తతానా నడిపే పూటకూళ్ల ఇంట్లో వడ్డించేది ఆ పిల్లే మరి. రోజూ మధ్యాహ్నం సరిగ్గా వంట దిగే వేళకి మామ చంకలో సీసాతో, చేతిలో గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడేవాడు.

"అందరూ బయటికి నడవండి. పెళ్లిచూపులు."

"ఎవరికి మామా?"

"నా వైన్‌కీ మీ కూరకీ. పరాయివాళ్లుంటే సిగ్గుపడతారు."

వంట చేసిన తతానాని కూడా గెంటేసి తలుపు వేసుకునేవాడు. బయట ఇరవైమంది చెంచాలు పట్టుకుని కూర్చునేవాళ్లు. లోపల మూత తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు, మళ్లీ తీసిన చప్పుడు.

"ఏమంటున్నారు మామా?" అని ఎవరో కేకేసేవారు.

"ఇంకా కట్నం దగ్గరే ఉన్నారు!"

అయిదు నిమిషాలకి తలుపు తీసుకుని, మీసాలు తుడుచుకుంటూ, "ఒప్పుకున్నారు, వడ్డించండి!" అనేవాడు. ఆ వేళకి బొనారియాకి తల ప్రాణం తోకకి వచ్చేది. లోపల మామ చేసేది పెళ్లిచూపులు కాదు, దొంగతిండి అని ఆమె గట్టి నమ్మకం. విచిత్రమేమిటంటే, ముక్కు మీద కోపం ఉండే తతానా ఆ ఒక్క మనిషి గెంటితే మాత్రం కిక్కురుమనకుండా బయటికొచ్చి నిలబడేది.

ఇలా మూడేళ్లు గడిచాక పట్నం నుంచి ఒక కబురు వచ్చింది. అక్కడెవరిదో పెళ్లట, పెళ్లికొడుకు తల్లిదండ్రులు చుట్టాలతో ఆదివారం భోజనానికి వస్తారట. వంట నచ్చితే రెండొందలమంది పెళ్లి విందు తతానాకే. ఆ చలికాలం గిరాకీ పలచగా ఉంది. ఈ విందు దక్కకపోతే వసంతం దాకా తలుపులు మూసుకోవాల్సిందే. బొనారియా శనివారం మామని వాకిట్లోనే ఆపింది.

"రేపు మాత్రం రాకు మామా. పెద్దవాళ్లొస్తున్నారు. నీ పెళ్లిచూపులు చూస్తే పారిపోతారు."

మామ నొచ్చుకున్నట్టు కనబడలేదు. "ఏం వండుతున్నారు?" అన్నాడు.

"గొర్రె మాంసం, బంగాళాదుంపలు వేసి ఉడకబెడుతోంది."

"దానికి పాత పీపాలోదే సరైనది. ఇదిగో, ఈ సీసాలు ఉంచు." వెళ్లబోయి ఆగాడు. "పిల్లా, వడ్డించే ముందు నువ్వొకసారి రుచి చూడు."

"తతానా పెద్దమ్మ వంట నేను రుచి చూడాలా? ఇంకా నయం!"

మామ కొండవాలు ఎక్కి వెళ్లిపోయాడు. వీపు అంత వంగిపోయి ఉందని బొనారియా ఆ రోజే గమనించింది. గమనించి కూడా వెనక్కి పిలవలేదు.

ఆదివారం పట్నం వాళ్లు ఎనిమిదిమంది వచ్చి కూర్చున్నారు. పెళ్లికొడుకు తల్లి మెడ నిటారుగా పెట్టుకుని బల్ల అంచుని వేలితో రాసి దుమ్ము చూసుకుంది. వంటింట్లో తతానా కుండ దించి కిటికీలోంచి వీధిలోకి చూసింది.

"బాకిస్ రాలేదేం?"

"నేనే రావద్దన్నాను."

తతానా ముక్కాలి పీట మీద కూలబడింది. "అయితే ఈ కుండ కదలదు."

"పిచ్చా నీకు! వాళ్లు అక్కడ గ్లాసులు వాయిస్తున్నారు!"

బొనారియా ఉక్రోషంగా గరిటె ముంచి నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు, చిటికెడైనా లేదు. మాంసం వెన్నలా ఉడికింది, రుచి మాత్రం వేడినీళ్లది. ఆమె ఉప్పు జాడీ అందుకుంటే తతానా చటుక్కున లాక్కుంది.

"నా కుండలో నీ చెయ్యి పడిందంటే ఊరుకోను. పోయి ఆ మనిషిని పిలుచుకురా!"

బొనారియా వచ్చినవాళ్ల ముందు పల్చటి కరకర రొట్టెలు, గొర్రెపాల జున్ను పడేసి, ఏప్రాన్‌తోనే కొండవాలు ఎక్కి పరిగెత్తింది. మామ ఇంట్లో బల్ల ముందు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా జున్ను ముక్క, నిండు గ్లాసు. రెండూ ముట్టుకోలేదు.

"ఉప్పు లేదు కదూ?" అన్నాడు ఆమె మొహం చూడగానే.

కొండ దిగే దారి పొడుగునా రొప్పుతూ చెప్పాడు. "మూడేళ్ల కిందట జ్వరం వచ్చింది చూడు, అప్పుడే మీ పెద్దమ్మ నాలుక చచ్చిపోయింది. లేచాక మొదటి రోజు వండిన కూర సముద్రం నీళ్లే. తను రుచి చూసి 'బాగానే ఉందిగా' అంది. నాకు గుండె ఆగినంత పనైంది. వైన్ పేరు చెప్పి అందర్నీ బయటికి తోసి, కుండని బాగుచేశాను. తర్వాత్తర్వాత భయమేసి అసలు ఉప్పే మానేసింది. అదే నయం, వెయ్యడం తేలిక."

"ఆవిడతో ఒక్కమాట చెప్పొచ్చుగా మామా!"

"వంట మీద బతికే మనిషిని పట్టుకుని నీ నాలుక ఏదని అడగమంటావా?"

దొంగతిండి అనుకున్నందుకు బొనారియా తనని తానే తిట్టుకుంది.

చేరగానే మామ వంటింట్లోకి దూరాడు. తతానా తలొంచుకుని బయటికొచ్చింది. పట్నం వాళ్లు నోళ్లు తెరిచి చూస్తుండగా మామ తలుపు తీసి, వగరుస్తూనే, "ఒప్పుకున్నారు!" అని ప్రకటించాడు. పెళ్లికొడుకు తండ్రి పకపకా నవ్వాడు. తల్లి నవ్వలేదు. ఒక ముద్ద తింది, వైన్ ఒక గుక్క తాగింది, మళ్లీ ముద్ద. చివరికి రొట్టె ముక్కతో పళ్లెం అద్దంలా తుడిచేసి, "పెళ్లికి ఈ పెద్దాయన కూడా ఉంటారా?" అని అడిగింది.

వాళ్లు విందు ఖాయం చేసి వెళ్లాక బొనారియా పళ్లేలు మోసుకుని వంటింట్లోకి వచ్చింది. తతానా కుండ అడుగున మిగిలింది రొట్టెతో తింటోంది.

"ఇవాళ ఒక చిటికెడు ఎక్కువేశాడు. పరిగెత్తించావుగా, చెయ్యి వణికుంటుంది."

బొనారియా పళ్లేలు ఠక్కున దించింది. "నీకు రుచి తెలుస్తోందా?"

"అరవకే. నిరుటి ఈస్టర్‌కే తిరిగొచ్చింది."

"మరి ఉప్పెందుకు వెయ్యడం లేదు పెద్దమ్మా?"

తతానా తలెత్తలేదు. "వేస్తే ఆ మనిషి ఏ వంకన వస్తాడే? ఊరికే రమ్మంటే రాడు, అభిమానం. ఆ ఇంట్లో ఒక్కడే జున్ను ముక్క కొరుక్కుంటూ కూర్చుంటాడు. నాకు తనతో పని ఉందనుకున్నంత కాలం వచ్చి వేడి కూడు తింటాడు." అంటూనే ఒక పళ్లెం నిండా మాంసం పెట్టి చేతికిచ్చింది. "చల్లారకముందే పట్టుకెళ్లు. నాకు తెలుసని మాత్రం చెప్పకు."

మామ మూల బల్ల దగ్గర అలిసిపోయి కూర్చుని ఉన్నాడు. బొనారియా పళ్లెం పెట్టి, గ్లాసు నిండా వైన్ పోసి, జీవితంలో మొదటిసారి ఆయన ఎదురుగా కూర్చుంది. మామ వంటింటి వైపు ఓరగా చూసి, గొంతు తగ్గించాడు.

"మీ పెద్దమ్మకి ఏమీ అనుమానం రాలేదు కదా?"

"అబ్బే, లేదు మామా" అంది బొనారియా. "పాపం, ఆవిడకేం తెలుస్తుంది? నువ్వు తిను."