బుడ్డి చెవులకు మూతలు

నేను మొదటి ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, చెవికి తగిలించుకునే ప్రతి వస్తువు గురించీ నాకు తెలుసని మా అక్క ఇంట్లో అందరికీ గట్టి నమ్మకం. కారణం పెద్దదేం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా హెడ్‌సెట్ పెట్టుకుని, ఎక్కడెక్కడి తల్లిదండ్రులకో ఫోన్లు చేసి, "సార్, మీ అబ్బాయి భవిష్యత్తు గురించి ఒక్క నిమిషం మాట్లాడవచ్చా" అని బతిమాలడం నా ఉద్యోగం. (వాళ్లలో సగం మందికి అబ్బాయే ఉండేవాడు కాదు. ఒకాయనకైతే పెళ్లే కాలేదు, ముందు ఆ సంగతి చూసిపెట్టమన్నాడు.) డిగ్రీ చదివి చేస్తున్నది ఇదా అని లోపల సిగ్గుపడేదాన్ని గానీ, ఇంట్లో మాత్రం నేను చెవుల శాఖకు మంత్రిని. ఎవరి ఫోన్లో మాట వినిపించకపోయినా నా చేతికే ఇచ్చేవాళ్లు. అక్క వాళ్ల అత్తగారికి చెవిపోటు వస్తే డాక్టర్ కంటే ముందు నన్నే పిలిచేది.

ఉండేది ఎల్‌బీ నగర్‌లో, అక్కా బావల దగ్గర. మాది గుంటూరు వైపు, బావది నల్గొండ దగ్గర పల్లె. ఇద్దరూ బ్యాంకు పరీక్షల కోచింగ్‌కని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, బ్యాంకు ఉద్యోగం రాకపోయినా ఒకరికొకరు దొరికారు. అందుకని ఆ ఇంట్లో వంటగదిలో ఒక తెలుగు, హాల్లో ఇంకో తెలుగు వినిపించేది. ఆ రెండింటి మధ్య పెరుగుతున్నది వాళ్ల కూతురు, మా బుడ్డి. అప్పటికి ఏడేళ్లు.

బుడ్డికి చప్పుడు పడదు. అందరికీ పడనట్టు కాదు, అసలు పడదు. మిక్సీ వేస్తే మంచం కిందికి దూరేది. వినాయకుణ్ణి తీసుకెళ్లే రోజు బాత్‌రూంలో బకెట్ మీద కూర్చుని చెవులు మూసుకునేది. ఎదురింటివాళ్లు బండి స్టార్ట్ చేస్తే అన్నం ముద్ద నోట్లో ఉండగానే ఏడ్చేది. దీనికి తలా ఒక పేరు పెట్టారు. బడిలో మొండితనం అన్నారు. చుట్టాలు గారాబం అన్నారు. అత్తగారు "దిష్టి బిడ్డా, మా దిక్కు గిసొంటి రోగం ఎన్నడు ఇనలే" అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసేది (అవి చిటపటమంటే బుడ్డి ఇంకా ఏడ్చేది). బావది వేరే వైద్యం. అలవాటైతే అదే పోతుందని రోజూ టీవీ సౌండ్ ఒక గీత పెంచేవాడు. పిల్లకు అలవాటు కాలేదు గానీ ఆయనకు అయింది. ఇప్పుడు మామూలుగా మాట్లాడితే ఆయనకు వినిపించదు.

అలాంటి ఇంటికి, బావ కంపెనీవాళ్లు కుటుంబాలతో సహా ఊరి బయట థీమ్ పార్కుకు తీసుకెళ్తున్నారన్న కబురు వచ్చింది. ఎప్పటిలాగే బుడ్డినీ నన్నూ ఇంట్లో వదిలేసి వెళ్తారనుకున్నాం. కానీ బుడ్డికి గుండ్రంగా తిరిగేదేదైనా ప్రాణం. సీలింగ్ ఫ్యాన్ కింద పడుకుని గంటలకొద్దీ చూసేది. బావ ఫోన్లో పార్కు ఫొటోలు చూపిస్తుంటే జెయింట్ వీల్ దగ్గర వేలు పెట్టి ఆపేసింది.

"పిన్నీ, దీంట్ల కూర్చోవాలె నేను."

"అక్కడ చప్పుడు ఉంటుందే."

"చానా ఉంటదా?"

"చాలా ఉంటుంది."

కాసేపు ఆలోచించి అడిగింది. "చెవులకు మూతలు అమ్ముతరా?"

ఆ ప్రశ్నతో మంత్రిగారికి మొదటిసారి నిజమైన పని పడింది. ముందు ఇంట్లో ఉన్న దూది పెట్టాం. లాభం లేదు. అత్తగారు ట్రంకు పెట్టెలోంచి మంకీ క్యాప్ తీసింది. ఎండాకాలంలో అది పెట్టుకున్న పిల్ల ఉడికించిన బీట్‌రూట్‌లా తయారైంది. ఆఫీసు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో కనబడిన ప్రతి షాపూ ఎక్కి దిగాను. చెవుల్లోకి చప్పుడు పంపే సరుకు ఆ రోడ్డు మీద గుట్టలు గుట్టలుగా ఉంది, చప్పుడు ఆపేది అడిగితే మాత్రం వింతగా చూశారు. "గిది తీస్కోండి మేడం, బేస్ కిరాక్ ఉంటది" అన్నాడొకాయన. పాటలు వినడానికి కాదండీ, ఏమీ వినకుండా ఉండటానికి అన్నాను. "ఏం ఇనకుంటే ఇంకెందుకు మేడం కొనుడు?" అన్నాడు. ఇంకో షాపులో బొచ్చు బొచ్చుగా ముద్దొచ్చేవి చూపించారు. కొనేశాక తెలిసింది, అవి చలికి పెట్టుకునేవని. ఈత కొట్టేవాళ్లు చెవిలో దూర్చుకునే మైనపు బిళ్లలు తెచ్చాను. బుడ్డి పెట్టుకుని భయంగా, "పిన్నీ, లోపల ఎవరో ఊపిరి తీస్తున్నరు" అని పీకేసింది. హెల్మెట్లూ గంబూట్లూ అమ్మే షాపులో కార్మికులు పెట్టుకునే పెద్ద మూతలు దొరికాయి. అవి బుడ్డి తల మీంచి జారి మెడలో దండలా ఆగాయి.

చివరికి అక్క, బావకు చెప్పకుండా, ఒక చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ ఓపికగా పరీక్ష చేసి, వినికిడి బాగానే ఉందనీ, కొందరు పిల్లలకు మనకు మామూలుగా ఉండే చప్పుడే భరించలేనట్టుగా ఉంటుందనీ, అది పొగరు కాదనీ చెప్పింది. "చెవిలో దూర్చేవి ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి. చెవి మొత్తం కప్పేవి, పిల్లల సైజువి తీసుకోండి. తలను నొక్కకూడదు, జారకూడదు. మీరు పిలిస్తే కొంచెం వినపడాలి. పార్కులోనే మొదటిసారి పెట్టకండి, ముందు ఇంట్లో కాసేపు కాసేపు అలవాటు చెయ్యండి. అలాగని రోజంతా ఉంచకండి." ఆవిడ చెప్తుంటే అక్క కళ్లు తుడుచుకుంది. పిల్లది పొగరు కాదని ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడే.

అలా ఆన్‌లైన్‌లో వెతికి మూడు రకాలు తెప్పించి బుడ్డి ముందు పెట్టాం. నాకు నచ్చినవి కుందేలు బొమ్మవి. బుడ్డి అన్నీ పెట్టుకుని చూసి, తల అటూ ఇటూ ఊపి, గెంతి, బొమ్మలేవీ లేని నీలం రంగువి ఎంచుకుంది. "ఇవి గుచ్చుతలేవు" అంది. అవి పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, ఇప్పుడు మిక్సీ వెయ్యి" అంది. అక్క భయపడుతూ వేసింది. బుడ్డి పారిపోలేదు. మెల్లగా ఒక్కో అడుగూ వేసి దగ్గరికి వచ్చి, గాజు మూతలోంచి లోపలికి తొంగిచూసింది. పుట్టి ఇన్నేళ్లయినా అది తిరగడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. "పచ్చడి గుండ్రంగ తిరుగుతుంది పిన్నీ!" అని అరిచింది. అక్క ఆపలేదు. ఆ కొబ్బరి పచ్చడి గంధమైపోయింది. ఆ వారమంతా మా ఇంట్లో పచ్చళ్లే పచ్చళ్లు.

పార్కుకు వెళ్లే రోజు ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కంపెనీ బస్సు ఎక్కాం. బావ కొత్త చొక్కా సర్దుకుంటూ నా సీటు వైపు వంగాడు.

"జర లోపటికి పోయినంక అవి తీపియ్యమ్మా. మా సార్లు ఉంటరు. పోరికి చెవుడేమో అనుకుంటరు."

"లోపలికి వెళ్లాకే కదా బావగారూ పెట్టాల్సింది!"

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. పార్కులో అడుగుపెట్టగానే పాటలు, అరుపులు, మైకులో ప్రకటనలు. నాకే తల దిమ్మెక్కింది. బుడ్డి మాత్రం నీలం మూతలు పెట్టుకుని నా చెయ్యి పట్టుకుని పెద్దమనిషిలా నడిచింది. ఐస్‌క్రీమ్ తింది. నీళ్ల పక్కన పిల్లలతో గెంతింది. అందరిలాగా. అక్క దూరం నుంచి చూస్తూ తన ఐస్‌క్రీమ్ కరిగిపోతున్న సంగతి కూడా మర్చిపోయింది. ఆ కొద్దిసేపూ నాకు కలిగిన గర్వం తర్వాత ఏ ప్రమోషన్‌కూ కలగలేదు.

జెయింట్ వీల్ దగ్గర పెద్ద లైను. మా వంతు రాగానే అక్కడి కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడం, హెడ్‌ఫోన్స్ తియ్యాలె. పడిపోయేటివి ఏం ఉండొద్దు."

"ఇవి హెడ్‌ఫోన్స్ కాదండీ. వీటిలో పాటలు రావు. చప్పుడు ఆపుతాయంతే."

"అదే చెప్తున్న మేడం. హెడ్‌ఫోన్స్ అలౌడ్ లేదు."

చున్నీతో తలకు కట్టేస్తానన్నాను. పిల్లకు ఇబ్బంది ఉందన్నాను. ఆ తర్వాత నాకు తెలిసిన ఒకే ఒక్క విద్య బయటికి తీశాను. నిటారుగా నిలబడి ఇంగ్లీషులో, "సర్, మీ అమూల్యమైన సమయం తీసుకుంటున్నందుకు క్షమించండి, దయచేసి మీ సూపర్‌వైజర్‌కు కలపగలరా" అన్నాను. కుర్రాడు నోరు తెరిచాడు. లైనులో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక నుంచి బావ వాళ్ల మేనేజర్ తొంగిచూసి, "ఏమైందండీ?" అని అడిగాడు.

"ఏం లే సార్, పోరి జర గారాబం" అన్నాడు బావ. తన చేత్తోనే బుడ్డి చెవుల మీది మూతలు తీసి సంచిలో వేశాడు. కోపంగా కాదు, బుజ్జగిస్తూనే. "ఒక్క చక్కరే బిడ్డా. కండ్లు మూసుకో, అయిపోతది."

బుడ్డి వాళ్ల నాన్న వైపు చూసింది. చక్రం వైపు చూసింది. చెవుల మీద అరచేతులు పెట్టుకుని, ఎక్కింది. నేనూ ఎక్కాను.

లౌడ్‌స్పీకర్లు చక్రం కాళ్ల దగ్గరే ఉన్నాయి. కదలగానే బుడ్డి కేక పెట్టింది. నా చేతులు దాని చేతుల మీద వేసి నొక్కాను. పైకి వెళ్తున్నకొద్దీ పాట పలచబడింది, కేక ఆగింది. అన్నిటికంటే ఎత్తుకు చేరాక గాలి తప్ప ఏమీ లేదు. బుడ్డి చేతులు తీసి చుట్టూ చూసింది. ముక్కు కారుతోంది, కళ్లు మెరుస్తున్నాయి. "పిన్నీ, ఇక్కడ ఆపమని చెప్పవా? ఇక్కడ్నే ఉంటా."

ఎవరికి చెప్పను? మళ్లీ కిందికి. మళ్లీ కేక. పైకి వెళ్తే నిశ్శబ్దం, కిందికొస్తే ఏడుపు, ఆటబొమ్మకు మీట నొక్కినట్టు. కింద జనం నవ్వడం మొదలుపెట్టారు. ఫోన్లు పైకెత్తారు. ఇది కొందరికి ఆ రోజు అన్నిటికంటే మంచి వినోదం అయింది. దిగాక బుడ్డి ఆగి ఉన్న బస్సు వెనక్కి వెళ్లి కూర్చుంది. మర్నాటికి ఆ వీడియో బావ ఆఫీసు గ్రూపులో తిరిగింది. కింద ఎవరో రాశారు: "పైన సైలెంట్, కింద వయొలెంట్". దాని పక్కన నవ్వే బొమ్మల వరస.

"నువ్వొచ్చినంకనే గీ షోకులన్ని" అన్నాడు బావ నాతో. "మూతలు పెట్టకుంటె ఈపాటికి అలవాటైతుండె. నా ఇజ్జత్ పోయింది." నేను అక్క వైపు చూశాను. అక్క వంటింట్లోకి వెళ్లి మిక్సీ వేసింది. అందులో ఏమీ లేదు. బుడ్డి మంచం కిందికి దూరింది. ఆ నెల నేను దిల్‌సుఖ్‌నగర్‌లో లేడీస్ హాస్టల్‌కు మారిపోయాను. ఆఫీసుకు దగ్గరని అందరికీ చెప్పుకున్నాను. ఎవరూ కాదనలేదు.

ఇప్పుడు బుడ్డి తొమ్మిదో తరగతి. తన మూతలు తనే చూసి కొనుక్కుంటుంది, ఎవర్నీ అడగదు. మొన్న హయత్‌నగర్‌లో ఒక నిశ్చితార్థంలో, భోజనాల దగ్గర బావ ఆ కథ మళ్లీ మొదలుపెట్టాడు. ఏటా దాన్ని కొంచెం పెంచుతాడు, ఇప్పుడు పార్కు మొత్తం పరుగెత్తుకొచ్చినట్టు చెప్తున్నాడు. బల్ల చుట్టూ అందరూ పడీ పడీ నవ్వారు. అక్క కూడా నవ్వింది. "ఏమే బుడ్డీ, యాదికున్నదా?" అన్నాడు ఆయన గట్టిగా.

"ఉంది నాన్నా" అంది అది పెరుగన్నం కలుపుకుంటూ. "నాకోసం పిన్ని ఒక్కతే ఇంగ్లీషుల లొల్లి పెట్టుకుంది."

ఈసారి అందరూ నన్ను చూసి నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చెమటతో తడిసిన చుడీదార్‌లో, చున్నీ చేత్తో పట్టుకుని, చక్రం తిప్పే కుర్రాడికి అంత గౌరవంగా క్షమాపణలు చెప్పుకున్న ఆ పిల్ల కళ్ల ముందు కనబడింది. అంత మర్యాదగా ఓడిపోయిన మనిషిని నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.