ఎడమ వైపు అల్మరా

“నీ కూతుర్ని కొన్నాళ్ళు నువ్వే బడికి దింపుకో” అంది మా అక్క.

అప్పుడు నేను కొట్లో ఒక పాత గేమ్ పెట్టె విప్పి బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నాను. టీవీలు, గేమ్ పెట్టెలు బాగుచేయడం నా పని. అక్క ఎదురుగా నిలబడి, నా మొహం తప్ప గోడ మీదున్నవన్నీ చూస్తోంది. నా కూతురు వెళ్ళేది స్కూలు బస్సులో. ఆ బస్సు నడిపేది అక్క మొగుడు, మా బావ. సొంత పెళ్ళామే వచ్చి ఆ బస్సు ఎక్కించొద్దంటే ఒళ్ళు మండదా?

మరి మిగతా పిల్లల సంగతేమిటి, వాళ్ళకి మాత్రం అమ్మలు లేరా అని గట్టిగానే నిలదీశాను. అక్క చివరికి బయటపడింది. బావ ఈమధ్య పక్కనే ఉన్న నీళ్ళ గ్లాసు చూసుకోకుండా తన్నేస్తున్నాడట. తెరిచి ఉన్న తలుపుకి భుజం గుద్దుకుంటున్నాడట. బస్సుకి ఎడమ పక్కన పొడుగ్గా గీత పడితే, గేటు సరిగ్గా తెరవలేదని బడి వాచ్‌మన్‌తో పోట్లాట పెట్టుకున్నాడట. కళ్ళు చూపించుకుందాం రమ్మంటే, వీధి చివర బోర్డు మీది అక్షరాలు గడగడా చదివి వినిపించి, ఇంకేం చూపించాలంటాడట. అక్కకి అనుమానమే తప్ప రుజువు లేదు. పోనీ బడివాళ్ళకి చెబుదామంటే, ఆ బస్సు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయం. ముందుకెళ్తే నుయ్యి, వెనక్కెళ్తే గొయ్యి.

బావని ఎరిగినవాళ్ళకి ఆ భయం అర్థమవుతుంది. పిల్లలు ఆయన్ని నత్త మామయ్య అంటారు, అంత నెమ్మదిగా నడుపుతాడు. ఆ పేరుకి ఉడుక్కోడు సరికదా, నత్త ఎవరినైనా గుద్దిందని ఎప్పుడైనా విన్నారా అని వాళ్ళనే ఎదురడుగుతాడు. సాయంత్రం అందరూ దిగిపోయాక, ఎవరైనా నిద్రపోయి ఉండిపోయారేమోనని చివరి సీటు దాకా నడిచి, వంగి సీట్ల కింద కూడా చూసి మరీ తాళం వేస్తాడు. బడి గేటు ముందు ఒక ఇరుకు మలుపుంది. అక్కడ టైలరు కొట్టు గోడకి జానెడు ఎడంగా అంత పొడుగు బస్సునీ ఒక్క ఊపున తిప్పేస్తానని, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పి చంపుతాడు. మేమందరం ఆ మలుపు కథ వినీ వినీ చెవులు చిల్లులు పడినవాళ్ళమే.

డాక్టరు దగ్గరికి రాని మనిషిని దయ్యాల దగ్గరికి రప్పిద్దామనుకున్నాను. కాస్త పక్కన కూర్చుని గమనిస్తే విషయమేమిటో నాకే తెలుస్తుంది కదా.

అక్క పెళ్ళైన కొత్తలో, నేనింకా బడిలో చదువుకుంటుండగా, బావా నేనూ కలిసి ఆడిన ఆట ఒకటుంది. కొండ మీద పాడుబడ్డ ఆసుపత్రి. అందులో టార్చిలైటు పట్టుకుని ఒంటరిగా తిరిగే నర్సు. తుపాకీలో గుళ్ళు ఎప్పుడూ చాలవు, పోట్లాడటం కంటే పారిపోవడమే మేలు. బావ జాయ్‌స్టిక్ పట్టుకుంటే, నేను పక్కన కూర్చుని గుళ్ళు దాచుకోమని పోరేదాన్ని. అక్క దిండు వెనక మొహం దాచుకుని అయిపోయిందా, అయిపోయిందా అని అడుగుతూ ఉండేది. లోపల తిరిగేవాటికి మేమే పేర్లు పెట్టాం. తల ఒక పక్కకి వాలిపోయి గోడ వెంట నడిచేవాడు మెడవంకరయ్య. ఎంత పేరు పెట్టి నవ్వుకున్నా, వాడి అడుగుల చప్పుడు వింటే నా అరికాళ్ళు చల్లబడేవి.

ఆ పాత పెట్టె, డిస్కు, ఆడినంత మేర ఆటని గుర్తుపెట్టుకునే అప్పటి మెమరీ కార్డు నా కొట్టు అటక మీద పదిలంగానే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పట్టుకెళ్ళాను. బావ మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది. కిటికీ తెరలు తనే లాగేశాడు. జాయ్‌స్టిక్ తీగ పొట్టిది, వాళ్ళ టీవీ పెద్దది. అందుకని తెరకి బాగా దగ్గరగా కింద కూర్చున్నాడు.

ఇన్నేళ్ళ తర్వాత చూస్తే బొమ్మలు మహా నాసిగా ఉన్నాయి. అప్పట్లో నిజం మనిషిలా అనిపించిన నర్సు మొహం మైనపు ముద్దలా ఉంది. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని నవ్వుకున్నాం. చప్పుళ్ళకి మాత్రం వయసు రాలేదు. ఎక్కడో నీళ్ళ చుక్క పడుతూనే ఉంది, పైఅంతస్తులో ఎవరో మంచం ఈడుస్తూనే ఉన్నారు. కాసేపటికి నా నవ్వు దానంతటదే ఆగిపోయింది.

బావ మాత్రం దుమ్ము దులిపేశాడు. ఏ తలుపు వెనక ఏముందో, ఏ సొరుగులో గుళ్ళున్నాయో అన్నీ కంఠతా. మెడవంకరయ్య మూల తిరగకముందే తుపాకీ అటు గురిపెట్టి ఉండేది. నా గుండె మీంచి బరువు దిగింది. కళ్ళు పోయినవాడు ఇలా ఆడతాడా? వంటింటి గుమ్మంలో నిలబడిన అక్కకి, ఏం పరవాలేదన్నట్టు సైగ చేశాను.

అయితే ఆయన అక్కడితో ఆగితేగా! నాలాంటివాళ్ళు పెట్టెలు విప్పడానికే తప్ప ఆడటానికి పనికిరారని మొదలుపెట్టాడు. నాకు చిర్రెత్తింది. ఈ ఆట ఒకసారి పూర్తిచేసినవాళ్ళకి రెండో విడత తెరుచుకుంటుంది. ఆసుపత్రి అదే, గదులవే, కానీ లోపల ఉన్నవన్నీ చోటు మారతాయి. బావ అప్పుడెప్పుడో పూర్తిచేసిన గుర్తు ఇంకా కార్డులో ఉంది. తిన్న కూడే మళ్ళీ తినడమెందుకని ఆ రోజుల్లో ఆయన దాని జోలికి పోలేదు. అంత గొప్పవాడివైతే ఇది ఆడి చూపించమన్నాను.

మొదటి నడవలోనే చచ్చిపోయాడు. సరే, ఆడి చాలా కాలమైంది కదా అన్నాను. మళ్ళీ మొదలుపెట్టి, అదే చోట, అలాగే చచ్చిపోయాడు. మూడోసారి నేను తెరని కాదు, ఆయన్ని చూశాను. తెరకి ఎడమ అంచున, గోడని ఆనుకుని, మెడవంకరయ్య నిండుగా నిలబడి ఉన్నాడు. కదలట్లేదు, చప్పుడు చేయట్లేదు. నర్సు తిన్నగా వాడి చేతుల్లోకి నడుస్తోంది. బావ కళ్ళు ఎదురుగా ఉన్న తలుపు మీదే నిలిచి ఉన్నాయి. మొహంలో జంకన్నది లేదు.

చెయ్యి చాపి ఆట ఆపేశాను. బొమ్మ అక్కడే నిలిచిపోయింది.

“బావా, తల తిప్పకుండా తెర మీద ఏమేం ఉన్నాయో చెప్పు.”

“ఏముంటాయే? ఎదురుగా తలుపు, పైన దీపం. కుడి పక్కన చక్రాల కుర్చీ.”

“ఎడమ వైపు?”

“అల్మరా. అద్దాల అల్మరా, పై అర పగిలి ఉంటుంది.”

ఎక్కడా తడుముకోలేదు. ఆ అల్మరా ఉండేది మొదటి విడతలో. ఇప్పుడది లేదు, దాని చోట వాడున్నాడు. ఆయన అబద్ధం చెప్పట్లేదు. తనకి నిజంగానే అల్మరా కనిపిస్తోంది.

“ఇప్పుడు తల తిప్పి చూడు.”

మెల్లగా ఎడమకి తిప్పాడు. ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. ఆ ఆటకి మా బావ భయపడటం నేను చూడటం అదే మొదలు.

“వీడెప్పుడొచ్చాడు?”

మొదట్నుంచీ అక్కడే ఉన్నాడని చెప్పాను. నాకు బడి గుర్తొచ్చింది, నా పిల్ల గుర్తొచ్చింది. అడగాలంటే భయమేసింది, కానీ అడక్కపోతే రేపు పొద్దున్నే బస్సు కదులుతుంది. బడి ముందు మలుపు తిప్పేటప్పుడు ఎడమ పక్కన ఏం కనిపిస్తుందని అడిగాను.

“టైలరు కొట్టు. నీలం తలుపు, బయట చెక్క బల్ల. రోజూ చూసేదేగా” అన్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు.

వంటింటి గుమ్మంలో అక్క చేతిలో గిన్నె కింద పడింది. అక్క బట్టలు కుట్టించుకునేది ఆ కొట్లోనే.

“ఆ కొట్టు కూల్చేశారండీ. వానలు పడకముందే కూల్చేశారు. టైలరు వేరే వీధికి మారిపోయాడు కూడా.”

“మరి అక్కడిప్పుడు ఏముంది?”

“ఖాళీ జాగా. నడిచొచ్చే పిల్లలు గేటు తీసేదాకా అక్కడే నిలబడతారు, ఆడుకుంటారు.”

ఆ మలుపు ఆయన ఎన్నిసార్లు తిప్పాడో నేను ఊహించలేను. గోడ ఉన్నన్నాళ్ళూ పిల్లలు గోడకి అవతల ఉండేవాళ్ళు. ఇప్పుడు గోడ లేదు, ఆ జానెడు మాత్రం ఉంది. ఆ ఖాళీ జాగాలో పరిగెత్తేవాళ్ళందరి మీదా రోజూ పొద్దున్నే ఒక నీలం తలుపు మూసుకుపోయేది. నాకు అరవాలని ఉంది, ఎవరి మీద అరవాలో తెలియలేదు.

బావ అక్కని అడిగాడు. “బస్సు మీది ఆ గీత... గేటుదేనా?”

గేటుదేనని అక్క చెప్పింది. దాని ఆకుపచ్చ రంగు గీత పొడుగునా అంటుకుని ఉండటం తన కళ్ళారా చూశానంది. బావ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలాడు.

“ఈసారికి గేటు” అన్నాడు.

తర్వాత బడికి తనే ఫోన్ చేశాడు. రేపటికి వేరే డ్రైవర్ని చూసుకోమని, తను ఇక రాలేనని, ఆ ఖాళీ జాగాకి కంచె కట్టించమని చెప్పాడు. కారణం అడిగితే దాచలేదు, కళ్ళు అన్నాడు. అక్క గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, సిగ్గుపడాల్సింది ఏముంది అందులో.

చొక్కా జేబులోంచి బస్సు తాళం తీసి నా ముందుకి చాపాడు. అది బడివాళ్ళకి ఇవ్వాల్సింది కదా, ఈ రాత్రికి నీ దగ్గరే ఉంచుకో బావా అన్నాను.

“వద్దే, నువ్వు పట్టుకెళ్ళు. నా దగ్గరుంటే పొద్దున్నే అలవాటుగా వెళ్ళిపోతాను” అన్నాడు.