రెండు నిమిషాల బ్రేకు పరీక్ష

1983లో నన్ను అసిస్టెంట్ మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుగా నంద్యాలకు వేశారు. ఈ హోదా పేరు ఆఫీసు బోర్డు మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. జనానికి మేము బ్రేక్ ఇన్‌స్పెక్టర్లం. లైట్లు, హారన్, టైర్లు, స్టీరింగు, ఛాసిస్ నంబరు ఇన్ని చూసినా, మా మెడలో వేసింది మాత్రం బ్రేకు ఒక్కటే. నాకు ఆ పేరు ఇష్టంగానే ఉండేది. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అద్దెకు తిరిగే ప్రతి బండికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్.సి., ఉండాలి. ఆళ్లగడ్డ చుట్టుపక్కల బండ్ల కోసం నెలకొకసారి మేమే అక్కడికి వెళ్లి క్యాంపు పెట్టేవాళ్లం. బ్రేకు పరీక్షకు నాదొక పద్ధతి ఉండేది. డ్రైవరును పక్కకు జరిపి నేనే స్టీరింగు పట్టేవాణ్ణి. ముప్పై కిలోమీటర్ల వేగం అందుకున్నాక ఒక్కసారి గట్టిగా తొక్కి, దిగి, రోడ్డు మీద టైర్ల గీతలు చూసేవాణ్ణి. గీతలు తిన్నగా ఉంటే సంతకం. మొత్తం రెండు నిమిషాల పని.

రెండేళ్ల తర్వాత ఫాల్గుణంలో, అహోబిలం బ్రహ్మోత్సవాలు వారం రోజులు ఉన్నాయనగా, ఓబులేసు అనే ఆళ్లగడ్డ డ్రైవరు తన జీపును క్యాంపుకు తెచ్చాడు. ఏదో శాఖ వేలం వేసిన పాత ఫోర్‌వీల్ జీపు అది. బండి అతనిదే, నడిపేదీ అతనే. కొండ మీద గుళ్లకు, అడవిలో పావన నరసింహస్వామి దగ్గరికి యాత్రికులను చేర్చేవాడు. ఉత్సవాల పది రోజుల తిరుగుడు మీదే అతని ఇంటికి ఏడాది గడుస్తుంది. ఎఫ్.సి. గడువు ఆ వారమే తీరిపోతోంది.

కింద వంగి చూసి ఆశ్చర్యపోయాను. ముందు చక్రాలకు మామూలు డ్రమ్ములే ఉన్నాయి. వెనక చక్రాలకు మాత్రం డ్రమ్ములు తీసేసి డిస్కులు బిగించి ఉన్నాయి. డ్రమ్ము బ్రేకులో రెండు షూలు లోపల విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. డిస్కు బ్రేకులో బయటికి కనిపించే ఇనుప పళ్లాన్ని రెండు పక్కల నుంచీ ప్యాడ్లు నొక్కుతాయి. అప్పట్లో మా వైపు జీపుకు డిస్కు అన్న మాటే లేదు.

ఆ పని చేసింది దస్తగిరి మేస్త్రి, ఆళ్లగడ్డలో షెడ్డు ఉన్న మెకానిక్కు. తుక్కుకు వచ్చిన ఒక విదేశీ కారు ముందు చక్రాల నుంచి ఆ డిస్కులు తీశాడట. సంగతేమిటని అడిగితే ఓబులేసు చెప్పుకొచ్చాడు. వానాకాలంలో దారిలోని వంక, అంటే వాగు, దాటగానే డ్రమ్ముల్లో నీళ్లు చేరి బ్రేకు పట్టదు. కిందటేడు అలాగే వంక అవతలి ఎత్తు మీద జీపు వెనక్కి జారింది, జనం దూకేశారు, ఒక బండరాయి అడ్డుపడి బండి నిలిచింది. ఆ రోజు నుంచి తనకు ఆ ఎత్తు అంటే భయమని దాచుకోకుండా చెప్పాడు.

డిస్కులు వేసేదుంటే ముందు చక్రాలకు వేయాలి గానీ వెనక్కి ఎవరు వేస్తారని, జీపు వెంట వచ్చిన మేస్త్రిని నేను కాస్త ఎగతాళిగానే అడిగాను.

"ఎక్కేటప్పుడు బరువు యాడుంటాది సార్? ఎనక. జారేది యాడికి? ఎనక్కే. మరి పట్టు ఆడ లేకుంటే ఎట్ల?" అన్నాడు దస్తగిరి.

ఆ మాట సబబుగానే తోచింది. బండిలో మార్పు చేస్తే ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలన్నది నియమం కాబట్టి అది రాయించుకుని, నా పద్ధతిలో పరీక్ష చేశాను. జీపు గీత గీసినట్టు ఆగింది. ఎఫ్.సి. మీద సంతకం పెట్టి ఇచ్చాను. ఓబులేసు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, కానీ కదల్లేదు.

"సంతకమైతే పెట్టినావు సార్. నాకు నమ్మకం కుదరాల గదా. ఒకసారి నువ్వే ఎక్కి చూడు," అన్నాడు.

క్యాంపు మధ్యాహ్నానికే ముగిసింది. సరే పదమన్నాను. వెనక సీట్లో దస్తగిరి, అతని చుట్టూ గుడికి చేర్చాల్సిన బియ్యం బస్తాలు. ఆ ఏడు వానలు బాగా పడి వంకల్లో ఇంకా నీళ్లున్నాయి. చక్రాలు సగం మునిగేలా వంక దాటి, ఎత్తు మధ్యలో ఓబులేసు కావాలనే ఆపాడు. జీపు మేకు కొట్టినట్టు నిలబడింది. మేస్త్రి ముఖం వెలిగిపోయింది. ఓబులేసు అయితే స్టీరింగుకు దండం పెట్టుకున్నాడు. నాకూ సంతోషమే అనిపించింది.

బస్తాలు దింపి తిరిగి వస్తుంటే మలుపులో మాడు వాసన తగిలింది. ఓబులేసు గొంతు మారింది. "కాలు లోపలికి పోతాండాది సార్," అన్నాడు.

పెడలు మెత్తగా దిగిపోతోంది, బండి ఆగడం లేదు. అతను కంగారుపడకుండా చిన్న గేరులోకి మార్చి, హ్యాండ్ బ్రేకు లాగాడు. ఆ జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద కాదు, ఇంజను తిప్పును చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు మీద పనిచేస్తుంది. అది బతికించింది. దిగి చూస్తే వెనక డిస్కుల దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. వేడికి బ్రేకు ఆయిలు మరిగి, పైపుల్లో బుడగలు చేరాయి. తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి, బ్రేకు పట్టదు. భయమేసింది, సిగ్గూ వేసింది. నా సంతకం ఆరి రెండు గంటలన్నా కాలేదు.

దస్తగిరి ఒక రాతి మీద కూలబడ్డాడు. చల్లారాక పెడలు నాలుగుసార్లు తొక్కించి, జాకీతో చక్రాలు ఎత్తించాను. ముందుది సులువుగా తిరిగింది, వెనకది బిగుసుకుని ఉంది. మేస్త్రి లేచి వచ్చి గాలి తీసే స్క్రూ వదులు చేశాడు. ఆయిలు చివ్వున చిమ్మింది, చక్రం వదులైంది. కాలు తీశాక కూడా పైపులో ఒత్తిడి మిగులుతోందన్నమాట. డిప్లొమాలో చదివి మరిచిపోయింది అప్పుడు గుర్తొచ్చింది. పెడలు తొక్కినప్పుడు ఆయిలును పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ చివర చెక్ వాల్వ్ అని ఒక చిన్న రబ్బరు వాల్వ్ ఉంటుంది. డ్రమ్ములకు కొంచెం ఒత్తిడి ఎప్పుడూ మిగిలి ఉండాలి, అందుకే దాన్ని పెడతారు. షూలను వెనక్కి లాగడానికి స్ప్రింగులు ఉంటాయి కాబట్టి ఆ ఒత్తిడి వాటిని ఏమీ చేయదు. డిస్కు ప్యాడ్లకు ఆ స్ప్రింగులు లేవు. అవి దారి పొడుగునా పళ్లాన్ని రాసుకుంటూనే వచ్చాయి.

ఓబులేసు జేబులోంచి ఎఫ్.సి. తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది నీ కాడే పెట్టుకో సార్. నా కాడుంటే పండగకు బండి తీస్తా. అంతలావు ఆశ నాది," అన్నాడు.

తప్పు నాది, మేస్త్రిది. వారం రోజుల్లో ఉత్సవాలు పెట్టుకుని కాగితం వదులుకున్నది మాత్రం అతను. దాన్ని తీసుకుని నా ఫైల్లో పెట్టుకున్నాను.

మర్నాడు దస్తగిరి నంద్యాల వచ్చి, లేతు మిషను మీద ఇత్తడి ముక్క ఒకటి తిప్పించుకున్నాడు. చెక్ వాల్వును మాస్టర్ సిలిండర్‌లోంచి తీసి, ఆ ఇత్తడి ముక్కలో అమర్చి, ముందు చక్రాలకు వెళ్లే పైపులో మాత్రమే బిగించాడు. దాంతో డ్రమ్ములకు ఒత్తిడి మిగిలింది, డిస్కులకు మిగలలేదు. మూడో రోజు నేను మళ్లీ ఆళ్లగడ్డ వెళ్లాను. ముగ్గురం అదే వంక, అదే ఎత్తు ఎక్కి దిగాం. దిగేటప్పుడు మూడుచోట్ల ఆపించి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూశాను. మూడుసార్లూ చెయ్యి హాయిగా ఆనింది. అక్కడే బానెట్ మీద పెట్టి కొత్త ఎఫ్.సి. రాసిచ్చాను. ఉత్సవాలు జరిగినన్ని రోజులూ ఆ జీపు తిరిగింది.

మొదటి ఎఫ్.సి. రద్దు చేసినప్పుడు కారణం అన్న గడిలో, తనిఖీ అధికారి చేసిన పరీక్ష చాలలేదు అని రాశాను. మా పై అధికారి పిలిపించి, తన మీద తనే ఇలా రాసుకునేవాణ్ణి ఇంతవరకు చూడలేదన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఫైలు మూసి, వెళ్లిరమ్మన్నాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కొంత దూరం నడిపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడకుండా ఏ బండికీ సంతకం పెట్టలేదు. క్యాంపుల్లో వరస పెరిగి డ్రైవర్లు విసుక్కునేవారు. తొక్కితే బ్రేకు పట్టడం ఒక్కటే కాదు, కాలు తీస్తే వదలడం కూడా చూడాలి. ఆ రెండోది రెండు నిమిషాల్లో తెలియదు.