రొట్టె కొస

దెబోరాకు లిఫ్టు అక్కర్లేదు. ఈ చిన్న సంగతి టెక్సాస్‌లోని ఫ్రిస్కో ఊరి తెలుగువాళ్లకు చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పి పుట్టిందే గానీ ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

రోజూ పొద్దున కూతురు జెమీమాను స్కూల్ బస్సెక్కించి, గుడ్డసంచీ భుజాన వేసుకుని ఆవిడ బయల్దేరుతుంది. సూపర్‌మార్కెట్ మైలున్నర దూరం. ఆరు లేన్ల రోడ్డు. పక్కనే సిమెంటు కాలిబాట కొంతదూరం బుద్ధిగా వచ్చి, ఇళ్లు అయిపోయినచోట తనకేం సంబంధం లేనట్టు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి గడ్డిలో నడవాలి. ఆ రోడ్డు మీద నడిచే మనిషి దెబోరా ఒక్కతే. అందుకని కార్లు ఆగుతాయి, అద్దాలు దిగుతాయి. "కార్ ట్రబులిచ్చిందా అండీ?" అంటాడు ఒకాయన. "ఆంటీ, ఎవ్రీథింగ్ ఓకే?" అంటుంది ఇంకో పిల్ల. ఒకసారి పోలీసు కూడా ఆగాడు. రొట్టె కొనుక్కోవడానికి వెళ్తున్నానంటే, ఆవిడ మొహాన్నీ ఖాళీ సంచీనీ మార్చి మార్చి చూసి, జాగ్రత్తమ్మా అని చెప్పి వెళ్లిపోయాడు. ఆయనే నయం. తెలుగువాళ్లు వెళ్లరు. ఎక్కేదాకా కదలరు.

ఎక్కువసార్లు ఆపేది రేణు. వరంగల్ నుంచి వచ్చిన అమ్మాయి, తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది, పడవంత కారు నడుపుతుంది. "ఎండల ఎందుకక్కా, ఎక్కున్రి" అంటుంది. వద్దంటే మొహం చిన్నబుచ్చుకుంటుంది. ఆ చిన్నబోయిన మొహం చూస్తే దెబోరాకు ఒళ్లు మండిపోయేది. కాళ్లు తనవి, రోడ్డు పన్ను కట్టి వేసినది, మధ్యలో ఈవిడకెందుకు బాధ?

దెబోరాది చీరాల. పెళ్లికి ముందు మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. పెళ్లయిన నాలుగేళ్లకు భర్త వినయ్ కుమార్‌ను కంపెనీవాళ్లు విమానాల సాఫ్ట్‌వేర్ పని మీద ఫ్రాన్స్ పంపారు. తులూజ్ అనే ఊరు. ఊరంతా గులాబీరంగు ఇటుక, మధ్యలో ఒక నది. అక్కడ నాలుగేళ్లున్నారు. అదేం స్వర్గం కాదు. మూడో అంతస్తుకు లిఫ్టు లేదు, కరివేపాకు దొరకదు, వీసా ఆఫీసు ముందు చలిలో రెండేసి గంటలు నిలబెట్టేవాళ్లు. అయినా పొద్దున తలుపు తీసుకుని బయటకు వస్తే దెబోరా ఒక మనిషి.

మొదటిరోజు రొట్టెల దుకాణంలోకి వెళ్లి, వేలు చూపించి డబ్బులు బల్ల మీద పెట్టింది. ఆ దుకాణం ముసలావిడ రొట్టె ఇవ్వలేదు. చేతులు కట్టుకుని, "బోంజూర్, మదామ్" అని ఊరుకుంది. దెబోరా మళ్లీ వేలు చూపించింది. ఆవిడ మళ్లీ బోంజూర్ అంది. మనిషిని పలకరించనిదే రొట్టె లేదని అర్థమయ్యేసరికి వెనక ఐదుగురు నిలబడ్డారు. ఆ పూట సిగ్గుతో చచ్చిపోయింది గానీ, నెల తిరిగేసరికి అదే ముసలావిడ బాగా కాలిన రొట్టె ఒకటి తీసి పక్కన పెట్టి ఉంచేది. సంతలో పళ్లవాడు ఖర్బూజా తూచేముందు "ఇవాళ్టికా, రేపటికా? మధ్యాహ్నానికా, రాత్రికా?" అని అడిగి, వాసన చూసి మరీ ఏరి ఇచ్చేవాడు. చీరాల సంతలో పుట్టి పెరిగిన దెబోరాకు కూడా పండును అలా పూటలెక్కన అమ్మడం కొత్త. నది ఒడ్డున బల్లలు ఉండేవి. వాటి మీద పనీపాటా లేకుండా కూర్చున్నా ఎవరూ ఏమైందని అడిగేవారు కాదు.

ఇంకొకటి. ఆ ఊళ్లో పొడుగు రొట్టె కొన్నవాడు ఎవడూ దాన్ని పూర్తిగా ఇంటికి తేడు. దుకాణం గడప దాటగానే వేడివేడి కొస ఒకటి తుంచి, కరకర నములుతూ నడుస్తాడు. పంతులమ్మ, బ్యాంకు ఆఫీసరు, పోలీసు, అందరూ అంతే. దెబోరా కూడా తుంచేది. రెండో కొస మాత్రం భర్తకు దాచేది. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇద్దరూ కలిసి కొనేవాళ్లు, అటు కొస ఆవిడ, ఇటు కొస ఆయన, మధ్యలో పిల్లదాన్ని భుజాన వేసుకుని వంతెన మీద నడిచేవాళ్లు. పెళ్లయ్యాక అంత సుఖంగా ఉన్న రోజులు ఆవిడకు వేరే లేవు.

2010లో టెక్సాస్ వచ్చారు. నాలుగు పడగ్గదుల ఇల్లు, మంచి స్కూళ్లు, రెండు కార్లు పట్టే గరాజు. హెచ్-ఫోర్, అంటే మొగుడి వెంట వచ్చిన భార్య వీసా మీద ఉద్యోగం చేయకూడదు. డ్రైవింగ్ టెస్టులో వెనక్కి తీసి పార్క్ చేయమంటే రెండుసార్లు తప్పింది. పోనీ నడుద్దామంటే ఊరు ఊరంతా అద్దాలు దించి జాలిపడుతుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటే ఇదేనని ఆవిడ చాలాసార్లు అనుకుంది. జెమీమా అయితే ఒకరోజు బడి నుంచి వస్తూనే, "మమ్మీ, నువ్వు రోడ్‌లో నడుస్తావ్ అని మా క్లాస్ కైలీ చూసింది. మనం హోమ్‌లెస్ కాదు, రైట్?" అని అడిగింది. తొమ్మిదేళ్ల పిల్ల. తులూజ్‌లో చేయి పట్టుకుని గంతులేస్తూ నడిచిన పిల్లే.

అయినా దెబోరా మానలేదు. ఆ సూపర్‌మార్కెట్లో తొమ్మిదిన్నరకు పొడుగు రొట్టెలు పొయ్యిలోంచి తీస్తారు. తులూజ్ రొట్టె కాలిగోటికి సరిరావు గానీ, వేడి మీద విరిస్తే పెళుక్కుమంటాయి. బయటకు వచ్చి ఒక కొస తుంచి నములుతూ వెనక్కి నడిచేది. రెండో కొస కాగితంలోనే. వినయ్ సాయంత్రం వచ్చి, బూట్లు విప్పకముందే ఆ కొస తుంచి టీలో ముంచుకుని తినేవాడు. మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా ఆ కొస మాత్రం రెండేళ్లలో ఒక్కరోజూ తప్పలేదు. రోజు మొత్తంలో దెబోరాకు తనదంటూ మిగిలింది ఆ మూడు మైళ్ల నడకే. అదీ పోతే ఇక ఆ ఇంట్లో ఫ్రిజ్‌కీ తనకూ తేడా లేదని ఆవిడ భయం.

ఆ భయమే నిజం కాబోయింది. చర్చివాళ్లకు శనివారం పొద్దున కాన్ఫరెన్స్ కాల్‌లో ప్రార్థన ఉంటుంది. ఎవరిళ్లల్లో వాళ్లు నంబర్ డయల్ చేసి, మ్యూట్‌లో పెట్టుకుని వింటారు. ఆ శనివారం దెబోరా ఫోన్ స్పీకర్లో పెట్టి కొబ్బరిచట్నీకి తాలింపు వేస్తోంది. చర్చి పాస్టరు దైవాశీర్వాదం అయ్యగారు జబ్బు చేసినవాళ్ల కోసం, వీసా రావలసినవాళ్ల కోసం ప్రార్థించి, గొంతు తగ్గించారు.

"ప్రభువా, మన మధ్యనే ఉన్న ఒక సహోదరి. పేరు చెప్పను తండ్రీ, నీకు తెలుసు. మనసు నెమ్మది లేక ఎండలో రోడ్ల వెంట తిరుగుతున్న ఆ బిడ్డను కనికరించు. ఆమె ఆలోచనలను స్వస్థపరచు. ఆ కుటుంబం తలెత్తుకునేలా చేయి తండ్రీ."

ముప్ఫై నలభై మంది మ్యూట్ తీసి "ఆమేన్" అన్నారు. ఆవాలు మాడిపోయాయి. దెబోరాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోడ్ల వెంట తిరుగుతున్నదట. మనసు బాగాలేదట. ఇది రేణు పనే. వారంలో మూడుసార్లు కారాపింది, మూడుసార్లూ ఎక్కలేదని ఇలా కసి తీర్చుకుంది.

మధ్యాహ్నానికి ఇంకో ముచ్చట. అయ్యగారు వినయ్‌కు ఒక పట్టిక పంపించారు. సోమవారం రేణు, బుధవారం ఒక సిస్టర్, శుక్రవారం ఇంకొక సిస్టర్. వంతులవారీగా వచ్చి దెబోరాను కార్లో షాపుకు తీసుకెళ్లి దింపుతారు.

"ఆ రేణుకు ఇంత నోరేంటండీ?" అంది దెబోరా. "నేను పిచ్చిదాన్నని నలుగురికీ చెప్పిందా?"

వినయ్ ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. "మంచికే చేస్తున్నారు కదా. మండే నాడు ఆవిడ కార్‌లో వెళ్లు. నాకోసం."

"తులూజ్‌లో నడిస్తే ముచ్చటేసేది. ఇక్కడ నడిస్తే పిచ్చా?"

"ఇది తులూజ్ కాదు దెబోరా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆదివారం ఆరాధనలో పాటలయ్యాక, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేవండి అన్నారు అయ్యగారు. మామూలుగా ప్రమోషన్లు వచ్చినవాళ్లు లేస్తారు. ఆరోజు దెబోరా లేచింది. పక్కన కూర్చున్న వినయ్ ఆవిడ కొంగు పట్టి లాగాడు. ఆవిడ విదిలించుకుని మైకు దగ్గరకు వెళ్లింది.

"అందరికీ వందనాలు. నిన్న అయ్యగారు పేరు చెప్పని సహోదరిని నేనే. నా మనసు బాగానే ఉందండీ. నేను రొట్టె కొనుక్కోవడానికి నడుస్తాను. నడిస్తే నాకు సంతోషం. మా ఆయన నన్ను కొట్టడు, ఇంట్లోంచి గెంటెయ్యడు, కారు లేక కాదు. మీరు ప్రార్థించదలిస్తే, ఆ కాలిబాట ఇంకో అరమైలు వేయించమని ప్రార్థించండి. యేసుప్రభువు కూడా జీవితమంతా నడిచే తిరిగాడు. ఆయన్ని ఎవరూ పాపం అనలేదు."

"గాడిదనెక్కాడు కదమ్మా" అన్నారు అయ్యగారు మెల్లగా.

"ఒక్కసారే అయ్యగారూ. అదీ మట్టల ఆదివారం."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. దెబోరా వచ్చి కూర్చుంది. వినయ్ మొహం ఎర్రగా కందిపోయింది.

సోమవారం తొమ్మిదికి రేణు కారు ఇంటి ముందుంది. ఇంత చెప్పినా వచ్చింది చూడండి, ఎంత ధైర్యం! దెబోరా సంచీ తగిలించుకుని, కారును చూడనట్టే దాటి నడిచింది. కారు కదిలింది. నాలుగు లైట్లూ టిక్కుటిక్కుమంటూ, మనిషి నడిచే వేగాన వెనకాలే వస్తోంది. దాని వెనక పది కార్లు హారన్లు కొడుతున్నాయి. దెబోరా వేగం పెంచింది. కారూ పెంచింది. ఇంతకన్నా అవమానం ఏముంటుంది? బందోబస్తుతో రొట్టె కొనబోతున్నట్టుంది. కాలిబాట ఆగిపోయినచోట ఆవిడ గిర్రున వెనక్కి తిరిగింది. రేణు కారును గడ్డిలోకి దించి, దిగి పరుగెత్తుకొచ్చింది.

"ఎందుకమ్మా నా వెంట పడతావు? పిచ్చిదాన్నని ఊరంతా చాటావు, ఇంకా తీరలేదా?"

రేణు నిర్ఘాంతపోయింది. "నేనెందుకు చెప్తనక్కా? నాకే మెయిల్‌ల తెలిసింది. మీ సారే రాసిండు కదా."

"ఏ సారు?"

"వినయన్న. అయ్యగారు మాకు లిస్టు పంపినప్పుడు కింద అన్న మెయిల్ తీసేయలే. అట్లనే వచ్చింది. మీకు తెల్వదా?"

రేణు ఫోన్ తెరిచి చూపించింది. ఎండలో తెర సరిగా కనబడక దెబోరా దాన్ని చేతి నీడలో పెట్టుకుని చదివింది. నాలుగు వాక్యాలు, ఇంగ్లిషులో. నా భార్య రోజూ రోడ్డు మీద నడుస్తోంది. ఆఫీసులో అందరూ అడుగుతుంటే నాకు తలవంపుగా ఉంది. ఆమె ఇంకా ఫ్రాన్స్‌లోనే ఉన్నాననుకుంటోంది. ఆమె మనసు మామూలయ్యేలా ప్రార్థించండి. కింద పేరు. పైన తేదీ, పోయిన గురువారం, సాయంత్రం ఆరున్నర.

ఆరున్నర అంటే టీ అయ్యాక. కొస నమిలిన నోరు కడుక్కోకుండానే కూర్చుని రాశాడన్నమాట. ఊళ్లోవాళ్లకు తెలియక అన్నారనుకోవచ్చు. ఈయనకు తెలియదా? ఆ వంతెన మీద పక్కన నడిచింది ఈయన కాదా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఒక ఫార్వర్డ్ మెయిల్ పట్టించింది. దెబోరాకు ఏడుపు రాలేదు. వచ్చింది కోపమే. ఊరందరి మీదా రెండేళ్లుగా పంచిపెట్టిన కోపమంతా వెనక్కి వచ్చి ఒక్కచోట చేరింది.

"సారీ అక్కా" అంది రేణు. "ఎక్కున్రి, ఇంటికి తోల్కపోత."

"నువ్వు వెళ్లమ్మా. నీ తప్పేం లేదు. నిన్ను ఊరికే అన్నాను."

రేణు వెళ్లలేదు. వంతు తనది. షాపుదాకా, షాపు నుంచి ఇంటిదాకా లైట్లు వేసుకుని వెనకే వచ్చింది. ఈసారి దెబోరా వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం వినయ్ వచ్చాడు. టీ పెట్టి ఉంది. బూట్లతోనే వంటింట్లోకి వచ్చి రొట్టె కాగితం విప్పాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"కొస ఏది?"

"తినేశాను" అంది దెబోరా.

"రెండూనా?"

"రెండూ. ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉంది. మీ అయ్యగారికి మెయిల్ చెయ్యండి."

సంచీ దులిపి, రేపటికి తలుపు కొక్కేనికి తగిలించింది.