కాదనకూడని రోజున లినక్స్

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విడిచి అడుగుపెట్టే అలవాటు మా తెనాలిలో ఇంకా పూర్తిగా పోని రోజులవి. ఇప్పుడు మా ఇంట్లోనే పిల్లలు ఒక చేత్తో ఇడ్లీ తింటూ రెండో చేత్తో ఏ ప్రోగ్రామైనా దింపేసుకుంటున్నారు, ఇడ్లీ అయ్యేలోపు అదీ అయిపోతోంది. అప్పట్లో ప్రోగ్రాములు రాసుకునే సరంజామాను ఒక కొత్త కంప్యూటరులోకి ఎక్కించడమంటే, తెలియని ఊళ్ళో తెలియని వాళ్ళ తలుపు తట్టినట్టుండేది. లోపలినుంచి మనిషి వస్తాడో కుక్క వస్తుందో చెప్పలేం. నేను మొదటినుంచీ పిరికివాణ్ణి. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరినుంచి వెనక్కొచ్చి చూసుకునే రకం (ఇప్పటికీ అంతే, కాకపోతే ఇప్పుడు మోకాళ్ళు ఊరుకోవు). లెక్కలంటే మాత్రం ప్రాణం. లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ వేసుకోవచ్చు, దానివల్ల ఎవరికీ ఏమీ కాదు. అలాంటి నన్ను తీసుకెళ్ళి మూడు ఊళ్ళ పడవల భారం నెత్తిన పెట్టినవాడు మా ఐసు బాబాయి.

బాబాయి నాకు దూరపు చుట్టం. తెనాలిలో ఆఫీసు, తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి ఐసు ఫ్యాక్టరీలు. నేను ఆ ఆఫీసులో లెక్కలు చూసేవాణ్ణి. ఐసు వ్యాపారంలో చిక్కంతా ఒక్కటే. ఇవాళ రేకు డబ్బాల్లో పోసిన నీళ్ళు రేపటికి గానీ దిమ్మలు కావు. రేపు ఎన్ని దిమ్మలు కావాలో ఇవాళే తెలియాలి. ఎక్కువ పోస్తే కరిగి కాలవలో కలుస్తాయి. తక్కువ పోస్తే చేపలకు ఐసు చాలక పడవ రేవులో ఆగిపోతుంది, పడవ వాళ్ళు వచ్చి ఆఫీసు గుమ్మంలో కూర్చుంటారు. అదివరకు ప్రతి ఫ్యాక్టరీలోనూ ఒక పెద్దమనిషి ఆకాశం వైపు చూసి ఒక అంకె చెప్పేవాడు. నాకు ఆ పద్ధతి నచ్చక, పైథాన్ అనే భాషను పుస్తకం చూసి సొంతంగా నేర్చుకుని, పడవ ఎంతది, సముద్రంలో ఎన్నాళ్ళుంటుంది, ఎండ ఎలా ఉంది అని అడిగి దిమ్మల లెక్క చెప్పే చిన్న ప్రోగ్రాము రాశాను. తెనాలి కంప్యూటరులో అది చక్కగా పనిచేసింది. నా కష్టాలకు అదే మొదలు.

వేట నిషేధం ఎత్తేసే రోజులు దగ్గర పడ్డాయి. ఆ తరుణంలో పడవలన్నీ ఒక్కసారే కదులుతాయి. బాబాయి నన్ను పిలిచి, "ఒరే లెక్కలోడా, నీ ప్రోగ్రాము బాపట్లలోనూ రేపల్లెలోనూ కూడా పెట్టిరా" అన్నాడు. "వాళ్ళు ఫోను చేస్తే ఇక్కడ చూసి చెప్తాను కదా బాబాయ్" అన్నాను. "నువ్వు జొరమొచ్చి పడుకుంటే పడవలు కూడా దుప్పటి కప్పుకుని పడుకుంటయ్యా?" అన్నాడు. నా భయం మాత్రం ఇంకో చోట ఉంది. ఆ మూడు కంప్యూటర్లనూ బాబాయి బావమరిది మూడు వేరు వేరు సంవత్సరాల్లో బిగించాడు. ప్రతిసారీ కంప్యూటరును నడిపించడానికి ఏ డిస్కు చేతికందితే ఆ రకం లినక్స్ ఎక్కించాడు (ఉచితం కదా, ఇంటిల్లిపాదికీ ఆ మాటే ముద్దు). ఆ తరువాత హైదరాబాదు వెళ్ళి ఫోను ఎత్తడం మానేశాడు. మూడూ లినక్సే, కానీ ఒకదానికొకటి పడని తోడికోడళ్ళలాంటివి. నాకు తెలిసింది తెనాలి కోడలు ఒక్కతే.

ముందు బాపట్ల వెళ్ళాను. అక్కడ యంత్రాలు చూసుకునేది ఒక లూథరన్ పెద్దాయన. నోరు తెరిస్తే "ప్రభువు చూసుకుంటాడు" అనేవాడు కాబట్టి అందరికీ ప్రభువు మావయ్యే. పైథాన్‌ను దింపమని చెప్పే ఆజ్ఞను, తెనాలిలో బట్టీపట్టినట్టే, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టాను. మొదట పాస్‌వర్డ్ అడిగింది. కొడుతున్నా తెరమీద ఒక్క చుక్కయినా కనబడదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని చెమట పట్టింది. తరువాత, పెద్దవాళ్ళు నీకు జాగ్రత్తలు చెప్పే ఉంటారు కదా అనే ధోరణిలో ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. నాకెవరూ ఏమీ చెప్పలేదు. చివరికి అది అటువంటి ఆజ్ఞే తన దగ్గర లేదని తేల్చి చెప్పింది.

"ఏంటి అల్లుడూ, మొహం అలా పాలిపోయింది?"

"నేను చెప్పింది దీనికి అర్థం కావట్లేదు మావయ్యా. పాడుచేశానేమో."

"ఇంకా ఏం చేశావని పాడవడానికి? అది అడిగింది చెప్పావు, అంతే కదా. కూర్చో, టీ తాగు. ప్రభువు చూసుకుంటాడు."

టీ తాగుతూ వెంట తెచ్చుకున్న పుస్తకం తిరగేస్తే సంగతి తెలిసింది. మేము సొరకాయ అనేదాన్ని ఉత్తరాంధ్రలో ఆనపకాయ అన్నట్టు, ఈ రకం లినక్స్‌లో అదే పనికి వేరే మాట ఉంది. ఆ మాటతో అడిగితే బుద్ధిగా తలుపు తీసింది. తరువాత నెట్టు మీంచి పైథాన్‌ను నెమ్మదిగా దింపుకోవడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చి కదలకుండా నిలబడిపోయింది. మావయ్య లేచి కంప్యూటరు పెట్టెమీద చెయ్యివేసి, కళ్ళు మూసుకుని, గొంతు దించి ప్రార్థన చేశాడు. అది కదిలింది. నేను లెక్కల మనిషిని, ఒకదాని తరువాత ఒకటి జరిగితే మొదటిది రెండోదానికి కారణమని ఒప్పుకోను. కానీ ఆయన చెయ్యి తీయబోతుంటే మాత్రం, "ఇంకాసేపు ఉంచండి మావయ్యా" అన్నాను.

బాపట్లలో ప్రోగ్రాము నడిచాక, మర్నాడు చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె. అక్కడి ఫ్యాక్టరీని నడిపేది సరంగు పిన్ని. పడవ నడిపే సరంగు భార్య కాబట్టి ఆ పేరు. మొగుడు సముద్రంలో ఎలా అరుస్తాడో తెలియదు, ఈవిడ గట్టుమీద అరిస్తే మాత్రం నిజాంపట్నం రేవుదాకా వినబడుతుందని చెప్పుకునేవారు. నేను వెళ్ళేసరికి ఫ్యాక్టరీ అంతా పసుపు, కుంకుమ, నిమ్మకాయలు. నిషేధం తరువాత మొదటి వేటకు ఐసు పోసే రోజు అది. కంప్యూటరుకూ ఒక బొట్టు పెట్టారు. గుమ్మంలోనే పిన్ని నన్ను ఆపి ఆ ఫ్యాక్టరీ ఆచారం చెప్పింది. మొదటి వేటకు నీళ్ళు పోసే రోజున ఆ ఆవరణలో ఎవరు ఏమడిగినా కాదు, లేదు, వద్దు అనే మాటలు పనికిరావు. ఎవరైనా అలా అంటే సముద్రం కూడా పడవకు అదే మాట చెబుతుందట. "టీ ఉందా" అంటే, లేకపోయినా "వస్తంది" అనాలి. సరే అన్నాను (ఆ రోజు అనగలిగిన మాట అదొక్కటే). లోపలికి వెళ్ళగానే డబ్బాలు మోసే పెద్దాయన ఒకాయన, "పెళ్ళయిందా బాబూ?" అన్నాడు. నోటిదాకా వచ్చిన జవాబును మింగి "అవుతుందండి" అన్నాను. ఆయన సంతోషించి, తన దూరపు మరదలి సంగతి మొదలుపెట్టాడు. అది కూడా వద్దనే వీల్లేదు.

రేపల్లె కంప్యూటరు మూడింట్లోకీ ముసలిది. దాంట్లో ఆ పొద్దున్నే పిన్ని పడవల ఆర్డర్లన్నీ ఎక్కించి పెట్టింది. ఏ పడవ, ఎన్నాళ్ళ వేట, అన్నీ అందులోనే. అవి చూసి సాయంత్రం లోపు డబ్బాల్లో నీళ్ళు పోయాలి. తెనాలి మాట దీనికి అర్థమైంది, ప్రాణం లేచి వచ్చింది. కానీ దీని దగ్గరున్న పైథాన్ మరీ పాతది, నా ప్రోగ్రాము దాంతో నడవనంది. కొత్తది కావాలని అడిగాను. అది కాసేపు ఆలోచించి, కొత్తది రావాలంటే ఫలానావి తీసేయాలి అంటూ తెర నిండా ఒక పెద్ద పట్టిక చూపించి, కానివ్వమంటావా, వద్దంటావా అని అడిగి ఆగింది. వై కొడితే అవును, ఎన్ కొడితే కాదు. నేను వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుతున్నాను. సగం పేర్లు ఏమిటో తెలియవు, తెలిసిన రెండు మూడు పేర్లు తెరను నడిపే సరంజామావి.

"ఏంటిరా అంత సేపు చూస్తన్నావ్? ఏమంటంది అది?"

"కొన్ని తీసేస్తానంటోంది పిన్నీ. సరేనంటే వై కొట్టమంటోంది. నేను ఎన్ కొడదామని..."

"ఎన్ అంటే?"

"కాదు అని."

అనకూడని మాట అనేశానని నాకు తట్టేలోపే ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ పూటా? ఈ గుమ్మంలోనా? మీ పిన్ని మొగుడు రేపు సముద్రం మీదకెళ్తన్నాడురా!" అంటూ నా భుజం మీదుగా చెయ్యి చాచి, పసుపంటిన వేలితో వై నొక్కి, ఆపైన పెద్ద మీట కొట్టింది.

అక్షరాలు వాన కురిసినట్టు కిందికి జారాయి. అటు తరువాత తెరమీద బొమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. భయపడ్డవాడు ఎవడైనా చేసే పనే నేనూ చేశాను. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను. తెర నల్లగా లేచింది. బొమ్మలు లేవు, బాణం గుర్తు లేదు. ఒక మూల నువ్వెవరు అన్నట్టు ఒక్క మాట, దాని పక్కన మిణుకుమంటూ ఒక గీత. పడవల ఆర్డర్లన్నీ పోయాయని అనుకున్నాను. రేపు రేవులో ఐసు లేక ఆగిపోయిన పడవలు కళ్ళముందు వరసగా నిలబడ్డాయి, ప్రతి పడవమీదా పిన్ని మొగుడే. పారిపోదామనుకున్నాను. కానీ రేపల్లె రైలుమార్గానికి చివరి ఊరు. అక్కడ రైలెక్కితే వేమూరు మీదుగా తిన్నగా తెనాలికే తీసుకుపోతుంది, అంటే బాబాయి దగ్గరికే.

అంతలో సరంగే స్వయంగా లోపలికి వచ్చాడు. తలుపు నిండా మనిషి. నల్లటి తెరను చూశాడు, నన్ను చూశాడు.

"పాడైపోయిందా ఏంటి?"

లేదు అనడానికి వీల్లేదు, ఆచారం. అవును అనడానికి ధైర్యం లేదు. ఏ లెక్కలోనూ ఇంత ఇరుకు నేను ఎరగను. "చూస్తున్నానండి" అన్నాను.

"దిమ్మలు సరిపోతయ్యా?"

దీనికి జవాబు ఒక్కటే. "సరిపోతయ్యండి" అన్నాను. అన్నాక ఇక కూర్చోక తప్పలేదు. మిణుకుమనే గీత దగ్గర పేరు కొట్టాను, కనబడని పాస్‌వర్డ్ కొట్టాను. లోపలికి రానిచ్చింది. ఫైళ్ళు చూపించమన్నాను. పిన్ని ఎక్కించిన ఆర్డర్లు అక్కడే ఉన్నాయి. పోయింది బొమ్మలూ అలంకారాలే, సరుకు పోలేదు. కొత్త పైథాన్ కూడా వచ్చి కూర్చుంది. ప్రోగ్రాము నడిపాను. నల్లటి తెరమీద ఒక్కో పడవకూ దిమ్మల లెక్క, అడుగున మొత్తం ఒక్క అంకె వచ్చాయి. నాకు నమ్మకం కలగక రెండు పడవల లెక్క కాగితం మీద చేత్తో వేసి చూశాను. సరిపోయింది. మూడోది కూడా వేయబోతుంటే పిన్ని కాగితం లాక్కుని, "అంకె చెప్పరా, పొద్దుపోతంది" అంది. చెప్పాను. బయట డబ్బాల చప్పుడు మొదలైంది. నేను చెప్పిన అంకెకు మనుషులు నీళ్ళు పోస్తున్నారు. ఆ చప్పుడుకే నాకు మళ్ళీ భయం వేసింది.

పడవలు వెళ్ళాయి. అవి తిరిగి వచ్చేదాకా తెనాలిలో అన్నం సయించలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేవాణ్ణి. చివరికి ఒకరోజు పిన్ని ఫోను చేసి, "చేపలు గట్టిగా ఉన్నయ్యంట. ఐసు అడుగున కాస్త మిగిలిందంట, మీ బాబాయి అడిగితే ఆ సంగతి చెప్పమాక" అంది. పోయిన బొమ్మలు మళ్ళీ తెప్పిస్తానంటే ససేమిరా అంది. ఆ బొమ్మల్లో ఒకదాని వెనక పేకాట ఉండేదట, డబ్బాలు మోసేవాళ్ళు పని మానేసి దానిచుట్టూ చేరేవారట. రేపల్లె కంప్యూటరు చచ్చేదాకా నల్లగానే బతికింది. డబ్బాలు మోసే పెద్దాయన చెప్పిన మరదలి సంబంధం గురించి మీరు అడగవచ్చు. ఇంట్లో ఆవిడ ఇది చదువుతుంది కాబట్టి ఆ సంగతి ఇక్కడ రాయను.

ఇప్పుడు ఆ మూడు ఫ్యాక్టరీల లెక్కలూ ఫోనులోనే తేలిపోతున్నాయి. ఎవరో కుర్రవాళ్ళు చేసి ఇచ్చారు, నా ప్రోగ్రాముకంటే బాగానే ఉంది, తప్పు పడదామని చూసినా దొరకలేదు. నేను తెనాలి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఎవరైనా ఏమైనా అడుగుతారేమోనని చూస్తుంటాను. ఎవరూ చెమట పట్టే పని చెప్పరు. ఆ రోజు నల్లటి తెర ముందు కూర్చున్న ఆ కుర్రవాడిమీద అప్పుడప్పుడు జాలేస్తుంది. కాసేపటికి, ఎందుకో, కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.