చెంపలు కొంచెం తగ్గించాలి

మా నాన్న విగ్రహాలు చేసేవాడు. తెనాలిలో ఆ పని చేసేవాళ్ళకి కొదవ లేదు కాబట్టి ఇదేదో గొప్పగా చెప్పుకోవడం కాదు. ఊరి చివర రోడ్డు పక్కన షెడ్డు, షెడ్డు వెనక రెండు గదుల ఇల్లు. పెరట్లో ఎప్పుడూ అచ్చు పోసిన తలలు నాలుగైదు ఆరుతూ ఉండేవి. కొత్తగా వచ్చిన చుట్టాలు చీకటి పడితే అటు వెళ్ళడానికి జంకేవారు. నాకు భయం లేదు గానీ చిరాకు ఉండేది. ఎటు తిరిగినా ఎవరో ఒక పెద్దమనిషి నన్నే చూస్తూ ఉండేవాడు.

డిజిటల్ కెమెరాలు మా ఊళ్ళోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. నేను బీఎస్సీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి ఇంట్లో ఉన్నాను. అంతకు ముందు దూరాన ఉన్నవాళ్ళు విగ్రహం చేయించుకోవాలంటే మట్టి ముఖం చూడడానికి రైలెక్కి రావలసి వచ్చేది. వాళ్ళు చూసి సరే అంటేనే నాన్న దాని మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీసేవాడు. అచ్చు తీశాక ఇక మార్పులుండవు. ఆ రాకపోకలు పడలేక చాలామంది ఆర్డరు మానుకునేవారు. ఒక పాత కంప్యూటర్, ఒక కెమెరా కొంటే ఫోటోలు మెయిల్లో పంపొచ్చని నాన్నకి చెప్పిన తెలివితక్కువదాన్ని నేనే.

కెమెరా తీసిన ఫోటోని తీసినట్టుగా పంపడం కుదిరేది కాదు. ఫ్లాపీలో ఒకటి పడితే రెండోది పట్టదు. నెట్ సెంటర్లో ఆ ఒక్కటైనా ఎక్కిద్దామంటే గీత సగం దాకా పాకి అక్కడే ఆగిపోయేది. అందుకని ఇంట్లోనే కంప్యూటర్లో పెయింట్ అనే ప్రోగ్రాంలో తెరిచి చిన్నది చేసేదాన్ని. అందులో రెండు గడులుంటాయి, ఒకటి వెడల్పుకి, ఒకటి ఎత్తుకి. నూటికి ఎంత ఉంచాలో రెండింట్లోనూ ఒకే అంకె కొట్టాలి. ఒకదాంట్లో కొట్టి రెండోది మర్చిపోతే మనిషి మునక్కాడలా సాగుతాడు, లేదంటే అట్టులా పరుచుకుంటాడు. విద్యంతా ఇంతే. ఈ మాత్రం విద్య మా వీధిలో ఇంకెవరికీ రాకపోవడంతో అది నా మెడకు చుట్టుకుంది. ఒరిస్సా నుంచి, హైదరాబాద్ నుంచి ఆర్డర్లు రాసాగాయి. నాన్న ఫోనెత్తితే చాలు, “మా అమ్మాయి ఉందండి, ఫోటోలు అదే పంపిద్ది” అనేవాడు.

ఆ ఎండాకాలంలోనే బాపట్ల కబురు వచ్చింది. నాతో చదువుకున్న స్నేహితురాలు అక్కడ ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచరు. కంప్యూటర్ టీచరు పోస్టు ఖాళీ ఉందని ఆమె చెబితే వెళ్ళి మాట్లాడి వచ్చాను. హెడ్మిస్ట్రెస్ గారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు, జూన్ నెలాఖరులోగా చేరమన్నారు. స్నేహితురాలు ఉంటున్న గదిలో ఇంకో మంచానికి చోటుంది. ఆ గది తాళానికి రెండో చెవి చేయించానని ఆమె ఫోన్లో చెప్పిన రోజు నాకు సంతోషంతో అన్నం సహించలేదు. అప్పటిదాకా నాకంటూ ఒక తాళంచెవి లేదు. మా ఇంటికి తాళం వేసే అవసరమే రాదు, ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా నేనే.

నాన్న వద్దనలేదు. వద్దంటే దెబ్బలాడేదాన్ని, ఆ ముచ్చటా తీరేది. అప్పటికే రేపల్లె ఆర్డరు ఒకటి నడుస్తోంది. అక్కడ హెడ్మాస్టరుగా చేసి పోయిన ఒకాయన విగ్రహం, ఆయన పనిచేసిన స్కూలు ఆవరణలో పెట్టడానికి. చేయించేది ఆయన కొడుకు. భువనేశ్వర్‌లో బ్యాంకు ఉద్యోగం, సెలవు దొరకదు.

“ఈ ఒక్కటీ మట్టి దాటనియ్యి అమ్మాయ్. ఆయన సరే అని మెయిల్ పెట్టిన రోజే నిన్ను రైలెక్కిస్తా” అన్నాడు నాన్న.

న్యాయంగానే ఉందనిపించింది. మట్టి ముఖం పూర్తయ్యాక దానికి ఎదురుగా నేలలో ఒక ఇటుక పాతి, ప్రతిసారీ దాని మీదే నిలబడి ఫోటో తీయమన్నాడు. అలా తీస్తేనే మార్పు చేసినప్పుడు తేడా తెలుస్తుందట. తీశాను, చిన్నది చేశాను, ఫ్లాపీలో వేసుకుని సైకిలెక్కి నెట్ సెంటర్‌కి వెళ్ళి పంపాను. మూడో రోజు జవాబు వచ్చింది. ఆయన తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాడు. నాన్నలాగే ఉన్నారు, కానీ చెంపలు కొంచెం తగ్గించాలి అని రాశాడు.

నాన్నకి చదివి వినిపించాను. “తగ్గిద్దాం, దాందేముంది” అని షెడ్డులోకి వెళ్ళాడు. రెండు రోజుల తర్వాత పిలిచి గుడ్డలు తీసి, ఇప్పుడు తియ్యమన్నాడు. ఇటుకెక్కి తీశాను. మళ్ళీ పెయింట్, మళ్ళీ ఫ్లాపీ, మళ్ళీ సైకిలు. ఈసారి, కొంచెం నయం, ఇంకొంచెం తగ్గించాలి అని వచ్చింది.

అచ్చు తీసేదాకా మట్టి ఆరకూడదు, ఆరితే నెర్రెలిస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక మట్టి తల ఎంత. దానికి చుట్టిన గుడ్డల్ని పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తడిపి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పాలి. నాన్న బయటి పనుల మీద వెళ్ళేవాడు, అమ్మకి బకెట్ మోస్తే నడుం పట్టేసేది. ఆ పనీ నాకే వచ్చింది. గుడ్డలు విప్పేదాన్ని కాదు, పైనుంచే నీళ్ళు చిలకరించేదాన్ని. లోపల ఉన్నాయన మీద నాకు పగ పుట్టింది. బతికున్నప్పుడు ఎంతమంది పిల్లల్ని బెంచీ ఎక్కించాడో తెలియదు గానీ, పోయాక నన్ను మాత్రం ఇటుకెక్కించాడు.

స్కూళ్ళు తెరిచారు. స్నేహితురాలు ఫోన్ చేసి, “కంప్యూటర్ క్లాసులు మ్యాథ్స్ సార్ చూస్తున్నారు, మేడమ్ గారు నీ గురించే అడుగుతున్నారు” అంది. మూడో మెయిల్లోనూ చెంపలే. నాలుగో మెయిల్లోనూ చెంపలే. కుడితిలో పడ్డ ఎలుకలా షెడ్డుకీ నెట్ సెంటర్‌కీ మధ్య కొట్టుకున్నాను. బట్టలు సర్దుకున్న సంచి మంచం కింద అలాగే ఉండేది. ఊడ్చినప్పుడల్లా దాన్ని ఇటు జరిపి, ఊడ్చి, మళ్ళీ అటు జరిపేదాన్ని.

చివరికి ఆ కొడుకే ఒక దారి చెప్పాడు. రేపల్లెలో వాళ్ళమ్మ ఉంది, మోకాళ్ళ నొప్పులతో ప్రయాణం చేయలేదు, ఆమెకి ఒకసారి చూపించమన్నాడు. పంపిన నాలుగు ఫోటోలనూ రంగుల్లో ప్రింటు తీయించుకుని పొద్దున పాసింజర్ ఎక్కాను. ఆమె సరే అంటే చాలు, సాయంత్రానికి నేను బాపట్ల టీచర్ని. జంపని స్టేషన్ దాటేదాకా అదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను.

ఆమె వసారాలో మంచం మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పి ప్రింట్లు వరసగా పరిచాను. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

“ఏంటమ్మాయ్, ఒకే ఫోటో నాలుగు తెచ్చావు?”

“ఒకటి కాదండి. మీ అబ్బాయిగారు చెప్పినట్టు ప్రతిసారీ చెంపలు తగ్గించారండి మా నాన్నగారు.”

“ఎక్కడ తగ్గినయ్యి? అన్నీ ఒకటే.” కొంగుతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. “ఈయన చెంపలు ఇట్టాగే ఉండేయి. మా వాడు చూసింది చివర్లో ఆస్పత్రిలోనే కదా, అప్పటికి ఏం మిగిలిందని. వాడికి ఆ ముఖమే గుర్తుండిపోయింది.”

నాకు కాఫీ ఇప్పించింది. నేను లేచేటప్పుడు ఒక ఫోటో ఉంచుకుంటానని అడిగి, ఏదైనా ఒకటేలే అని పైనున్నది తీసుకుంది.

రైల్లో మిగిలిన మూడూ ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఇంటికి రాగానే కంప్యూటర్లో నాలుగూ తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూశాను. వెనక ఉన్న బకెట్ మాయమైంది, దండెం మీద చీర మారింది, నీడ అటు నుంచి ఇటు వచ్చింది. ముఖం మాత్రం కదలలేదు. కుడి చెంప మీద, చెవికి కాస్త ముందు, నాన్న బొటనవేలి అచ్చు ఒకటి ఉంది. నాలుగింట్లోనూ అక్కడే ఉంది. ఇన్నాళ్ళూ ఆ ఫోటోల్ని చిన్నవి చేసింది నేనే, ఒక్కసారీ ముఖం చూడలేదు. ఫైలు ఎన్ని కేబీలకి తగ్గిందో అదే చూసుకున్నాను.

నాన్న బయటి నుంచి రాగానే అడిగాను. దాచలేదు.

“మారిస్తే పాడైపోద్దమ్మా. ఎవరన్నా మార్చమంటే సరేనని రెండు రోజులు మూసిపెట్టి మళ్ళీ అదే చూపిస్తాం. తన మాట చెల్లిందనుకుని ఒప్పేసుకుంటాడు. నాకు పని నేర్పినాయనా ఇంతే. ఈయనే కొంచెం మొండి.”

“మరి నాకు చెప్పొచ్చు కదా నాన్నా?”

ఆయన బకెట్లో చేతులు ముంచి, అప్పటికే శుభ్రంగా ఉన్న వేళ్ళని మళ్ళీ కడుక్కున్నాడు. “చెబితే వారంలో తేల్చేసి వెళ్ళిపోయేదానివి.”

తడిగుడ్డతో గొంతు కోయడం అనే మాట వినడమే గానీ, ఆ గుడ్డని రోజూ నా చేతే తడిపించుకుంటారని నేననుకోలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ బకెట్ ఎత్తి మట్టి తల మీద కుమ్మరిద్దామనిపించింది. కుమ్మరిస్తే నాన్న మొదటి నుంచి చేయాలి, ఫోటోలు మళ్ళీ నేనే తీయాలి. అది గుర్తొచ్చి ఆగాను. ఆయన ముఖం చూస్తే జాలి కూడా వేసింది, దాంతో ఇంకా ఒళ్ళు మండింది.

వాళ్ళమ్మ ఒప్పుకుందని ఆ సాయంత్రమే మెయిల్ పెట్టాను. అమ్మ ఏది చూపించినా నాన్నే అని ఏడుస్తుంది, మీరు చెంపలు తగ్గించి పంపండి అని మర్నాడే జవాబు. జూన్ అయిపోవస్తోంది. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని మొదటి రోజు తీసిన ఫోటోనే తెరిచాను. ఎత్తు గడిలో నలభై కొట్టాను. వెడల్పు గడిలో ముప్ఫై ఏడు కొట్టాను. హెడ్మాస్టరు గారు ఒక్క క్షణంలో ఆస్పత్రిలో పడి లేచినట్టయ్యారు. పంపాను.

ఇదీ మా నాన్న, అచ్చు పోయించండి, మీ నాన్నగారి చేతికి నా నమస్కారాలు చెప్పండి అని రెండు రోజుల్లో జవాబొచ్చింది. నెట్ సెంటర్లో పైకే నవ్వాను. ఇదీ మా నాన్న అన్న మాట రెండోసారి చదివాక నవ్వు రాలేదు. ఆ విగ్రహం ఇప్పటికీ రేపల్లెలో నిండు చెంపలతోనే ఉంది. ఆవిష్కరణ రోజున కొడుకు దాన్ని చాలాసేపు చూశాడు. కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చిన వాళ్ళమ్మ అతన్ని చూసింది. 

నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటుంది. గెలిచానన్న పొగరులో నాన్నని కంప్యూటర్ దగ్గరికి పిలిచి, “నువ్వు నెల రోజులు మూసిపెట్టింది నేను ఒక్క అంకెతో తేల్చాను చూడు” అన్నాను. గడిలో అంకె మారుస్తుంటే చెంపలు లోపలికి పోవడం, బయటికి రావడం చూసి ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. మళ్ళీ చూపించమన్నాడు. మళ్ళీ చూపించాను.

నేను బాపట్ల వెళ్ళేసరికి నెలాఖరు దాటి రెండు రోజులైంది. సంచితోనే వెళ్ళాను. హెడ్మిస్ట్రెస్ గారు కూర్చోమని మంచినీళ్ళు ఇప్పించారు.

“నిన్ననే వేరే అమ్మాయి చేరిందమ్మా. నీ కోసం చివరి రోజు దాకా చూశాను.”

“అవునండి” అన్నాను. ఆవిడ తప్పేం లేదు. బయట స్నేహితురాలు నా చేయి పట్టుకుని ఏవేవో చెప్పింది. తాళంచెవి సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. అవతల వరండాలో ఒకమ్మాయి పిల్లల్ని లైను కట్టిస్తోంది. కొత్త చీర, నడుముకి దోపుకున్న తాళంచెవి.

మధ్యాహ్నం రైలుకే తిరిగి వచ్చాను. షెడ్డులో ఇద్దరు మనుషులు నాన్నతో మాట్లాడుతున్నారు. అమృతలూరు నుంచి వచ్చారట, వాళ్ళమ్మ విగ్రహం కోసం. చేయించే తమ్ముడు సూరత్‌లో ఉంటాడు, అతను చూడకుండా ఎలా అని వాళ్ళ సందేహం. నేల మీద ఇటుక అక్కడే ఉంది. నాన్న నన్ను చూశాడు, నా చేతిలో సంచిని చూశాడు. 

“ఇదిగోనండి, మా అమ్మాయి. మీ తమ్ముడు ఏది తగ్గించమన్నా కంప్యూటర్లో ఇట్టే తగ్గించిద్ది. మీకేం దిగులు అక్కర్లేదు, ఇది ఇక్కడే ఉంటది.”

వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు. సంచి కింద పెట్టి, అవునండి అన్నాను.